నాలుగో కాలం బొంత

నేను ఒక బొంతను. దుప్పటి అని మాత్రం అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది. దుప్పటి అంటే మగ్గం మీంచి దిగి నేరుగా మంచమెక్కేది. నన్ను కుట్టి పూర్తిచేసేసరికి ఒక మనిషి కళ్ళజోడు మార్చుకోవాల్సి వచ్చింది. పైన ఒక గుడ్డ, దాని మీద కత్తిరించి అతికిన తీగ, మధ్యలో దూది, అడుగున ఇంకో గుడ్డ. ఆ దూదిలో వేరే ఒకటి కూడా దాచారు. దాని సంగతి చెబుదామనే ఇప్పుడు నోరు విప్పాను.

నేను పుట్టింది నర్సాపురం అవతల, గోదారి సముద్రంలో కలిసే చోట, ఒక రేకుల షెడ్డులో. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకి లేసు అల్లడం ఊపిరి పీల్చుకున్నంత మామూలు. ఒక చేత్తో లేసు అల్లుతూ, ఇంకో చేత్తో పిల్లాడి వీపు విమానం మోత మోగిస్తూ, నోటితో పక్కింటావిడతో దెబ్బలాడగలరు. అల్లడానికి రెండు చేతులూ కావాలి కదా అంటారేమో. మీరు వాళ్ళని చూళ్ళేదు.

ఆ షెడ్డు ఎస్తేరురాణి గారిది. హవాయి దీవుల్లో చాలా ఏళ్ళు నర్సుగా చేసి, రిటైరయ్యాక సొంతూరు వచ్చేసింది. అక్కడ పక్కింటి ముసలావిడ దగ్గర ఆ దీవుల బొంత పని నేర్చుకుందట. వచ్చీ రాగానే లేసు వాళ్ళని పోగేసి కూర్చోబెట్టింది. గుడ్డని ఎనిమిది మడతలు పెట్టి, కత్తెర ఎత్తకుండా ఒక్క కోతలో ఆకూ తీగా తీసి, మడతలు విప్పి నేల మీద పరిచింది. అది నాలుగు వైపులకీ విచ్చుకుంటుంటే అందరూ లేసు పక్కన పడేసి చూశారు. కత్తిరించడం సులువే. తర్వాత అంచుల్ని సూదిమొనతో లోపలికి మడుచుకుంటూ కుట్టు కనపడకుండా అతకాలి. ఆ పైన ఆకు చుట్టూ వరస తర్వాత వరస కుట్టుకుంటూ బొంత అంచుదాకా పోవాలి. అలలు ఒడ్డుకొచ్చినట్టు ఉంటాయా వరసలు. నెలలు పడుతుంది.

పనితోపాటు ఆవిడ నియమాలు కూడా చెప్పింది. "మనిషి బొమ్మ, జంతువు బొమ్మ కుట్టకూడదమ్మా. లేచి నడుస్తాయంటారు అక్కడ. మధ్యలో ఖాళీ వదిలితే అది గుమ్మం కింద లెక్క. పోయినవాళ్ళు అందులోంచి వచ్చి చూసి పోతుంటారట. దారం కొసని మాత్రం గట్టిగా ముడెయ్యకండి. మెత్తగా వేసి దూదిలోకి లాగెయ్యండి. నేను ప్రార్థన చేసుకునేదాన్ని, ఇవన్నీ నమ్మను. నేర్పిన మనిషి చెప్పింది కాబట్టి మీకు చెబుతున్నాను." నమ్మను అన్నవాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా చెబుతారు, గమనించండి.

బయటి దేశంనించి ఆర్డరు వచ్చింది. నాలుగు బొంతలు కావాలట, ఒక్కో కాలానికి ఒక్కో రంగు. ఆకులు రాలే కాలం, మంచు కురిసే కాలం అని ఎస్తేరురాణి గారు చెబుతుంటే ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడు మాట్లాడింది నూకరత్నం, నన్ను కుట్టిన మనిషి.

"మాకు అవేం తెలీదండి. చేపలు పడే కాలం, చేపలు పడని కాలం, బోట్లు కట్టేసే కాలం. అంతేనండి."

"మూడే అయ్యాయి కదమ్మా, నాలుగోది?"

"నాలుగోది ఉందండి. దాన్ని నేను కుడతాను."

నాలుగోదంటే కార్తీకంలో వచ్చే తుఫాను అని అక్కడ అందరికీ తెలుసు. నూకరత్నం ఒక్కగానొక్క కొడుకు లోవరాజు ఆ తుఫానులోనే పోయాడు. పోయాడు అంటే నూకరత్నం ఒప్పుకోదు. బోటు చెక్కలు దొరికాయి, మనిషి దొరకలేదు. కులపెద్దలు వచ్చి, దర్భలతో బొమ్మ చేసి ఒడ్డున కర్మ జరిపించేద్దాం, బిడ్డకి పిండం పెట్టాలి కదా అన్నారు. "శవాన్ని చూపించండి, చేస్తాను. బతికున్నోడికి పిండం పెట్టమంటారేంటి మీరు" అని చీపురు తీసింది. ఏదో ఓడవాళ్ళు ఎక్కించుకుని ఉంటారని, భాష తెలీని దేశంలో ఏ జైల్లోనో ఉన్నాడని, ఒకరోజు వస్తాడని ఆవిడ ధీమా.

ఇంట్లో కోడలు సత్యవేణి ఉంది. రొయ్యల షెడ్డులో పని. బొట్టు తీయడానికి లేదు, పెట్టుకుంటే ఊళ్ళో చూపులు. పేరంటానికి పిలవరు, పరామర్శకీ రారు. పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్తామంటే, "మొగుడు వచ్చేసరికి పెళ్ళాం ఇంట్లో లేకపోతే ఎలా" అని నూకరత్నం గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆ పిల్ల ముసలిదాన్ని వదిలి పోలేకపోయింది. అలా ఇద్దరూ ఒక మనిషి కోసం మూడు కంచాలు కడుగుతూ బతుకుతున్నారు.

నాకు పై గుడ్డ మబ్బు రంగుది, దాని మీద తీగ గోదారి వరద నీళ్ళ రంగుది. ఒడ్డున ఇసుక మీద పాకి ఊదా పూలు పూస్తుందే, ఆ తీగ. ఆ దీవుల్లోనూ అదే తీగ ఉంటుందని ఎస్తేరురాణి గారు సంబరపడింది. నూకరత్నం మధ్యలో ఖాళీ వదిలింది, చాలా పెద్దది. ఎందుకంత అని అడిగితే "మా వాడు ఆరడుగులండి, తల తగలకూడదు" అంది. నవ్వాలో వద్దో తెలీక పక్కవాళ్ళు సూదుల్లోకి దారం ఎక్కించుకుంటూ కూర్చున్నారు.

దూది పరిచే రోజున, అందరూ భోజనాలకి లేచాక, ఆవిడ బొడ్లోంచి ఒక గళ్ళ లుంగీ తీసి ఆ ఖాళీ కింద పరిచింది. లోవరాజుది. ఉతకని లుంగీ. "ఆళ్ళ దేశానికేగా పోతావు. ఎక్కడన్నా కనబడితే ఇది మనదే అని గుర్తుపడతాడు. వాడికి చలి ఎక్కువ" అని నాతో గొణిగింది. బొంతలతో మాట్లాడే మనుషులంటే నాకు మొదట్నించీ కొంచెం చులకన. ఆ రోజు మాత్రం ఆవిడ మాట కాదనాలనిపించలేదు.

తర్వాత అలలు కుట్టడం మొదలెట్టింది. అందరూ ఆకు దగ్గర మొదలుపెట్టి అంచుకి పోతే, ఈవిడ అంచు దగ్గర మొదలుపెట్టి మధ్యకి వచ్చింది. అలలు లోపలికి తిరిగాయి. దారం అయిపోయిన ప్రతిచోటా, మెత్తటి ముడి వెయ్యమన్నది మరిచిపోయి, వేళ్ళకి చిన్నప్పట్నించీ అలవాటైన ముడే వేసింది. వాళ్ళ నాన్న నేర్పిన వల ముడి. లాగేకొద్దీ బిగుసుకుంటుంది, తడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. కావాలని చెయ్యలేదు. వేళ్ళు అలా పోయాయి, అంతే.

ఆఖరి ముడి మధ్యలో పడింది. పళ్ళతో దారం తెంపింది. అప్పుడు నాలో ఎవరో పక్కకి ఒత్తిగిలారు.

భయపడ్డాను, ఎందుకు దాచాలి. చల్లగా, బరువుగా, మోకాళ్ళు ముడుచుకుని ఒక మనిషి నా దూదిలో పడుకుని ఉన్నాడు. ఊపిరి లేదు. కానీ అప్పుడప్పుడూ కదులుతాడు. కదిలినప్పుడల్లా ముడులన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. గుమ్మం ఉంది కదా, వచ్చాడు. రావడానికే దారి ఉంది. పోదామంటే చుట్టూ వల.

తెల్లారి షెడ్డు తీసేసరికి నేను తడిసి ఉన్నాను. రేకు కారిందేమో అనుకున్నారు, అది మండు వేసవి. ఎండలో వేశారు. పక్కనున్న మూడు బొంతలూ పెళపెళా ఎండిపోయాయి. నా కిందున్న ఇసుకలో గుంట పడింది, అందులో నీళ్ళు. సాయంత్రానికి నా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. ఆర్డరువాళ్ళు మూడు బొంతలు తీసుకుని, నాలుగోది సముద్రం వాసన వస్తోందని వదిలేశారు. నన్ను కోనసీమలో రిసార్టు నడిపే సూర్రాజు గారు పట్టుకెళ్ళారు. "చేతి పనండీ, సిటీ వాళ్ళు పడి చస్తారు" అని నన్ను కాలవ వైపు గదిలో మంచం మీద పరిపించారు.

సిటీ వాళ్ళకి నిజంగానే చచ్చినంత పనైంది. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి దిగింది. పొద్దున్న టిఫిను దగ్గర ఆ అమ్మాయి, "మీ కుర్రాళ్ళు గది తలుపు దగ్గరికొచ్చి అన్నం అడుగుతారేంటండీ" అంది. సూర్రాజు గారు వంటవాళ్ళని తిట్టారు. తర్వాత ఒక ఆఫీసరు గారు వచ్చారు, మీసాలున్న మనిషి. ఆయన మర్నాడు ఇడ్లీ ముట్టుకోకుండా కారెక్కాడు. దారిలో రిసార్టు డ్రైవరుతో మాత్రం చెప్పాడట, మంచం మీద తన పక్కనే ఎవరో పడుకుని, చేపలు తర్వాత చూద్దూగానీ, ముందు అన్నం పెట్టు అన్నారని. దులిపితే నాలోంచి దోసెడు ఇసుక రాలింది. సూర్రాజు గారు నన్ను గోనెసంచిలో కుక్కి షెడ్డుకి తిప్పి పంపించేశారు. ఎందుకని అడిగితే నన్ను తెచ్చిన ఆ డ్రైవరే ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

నూకరత్నం చేతిలో సూది ఆగిపోయింది. చేపల వేట నించి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి లోవరాజు అనే మాట అదే. అమ్మా, చేపలు తర్వాత చూద్దూగానీ, ముందు అన్నం పెట్టు. ఆవిడ ఏడవలేదు. నన్ను భుజానేసుకుని, నీళ్ళు కారుతుండగా, ఊరి మధ్యలోంచి ఇంటికి నడిచింది. "సత్తేణీ, వాడొచ్చాడే" అంది.

అప్పట్నించి నన్ను వదల్లేదు. కప్పుకుని పడుకుంటుంది, కప్పుకుని కూర్చుంటుంది. నాతో మాట్లాడుతుంది, ఊళ్ళో సంగతులన్నీ చెబుతుంది. జవాబు ఎప్పుడూ ఒకటే. అన్నం పెట్టు. రోజురోజుకీ ఆవిడ పెదాల మీద ఉప్పు పేరుకుంది. దగ్గితే నీళ్ళు పడేవి. ఇది చలిజ్వరం కాదు, పొడినేల మీద నీళ్ళలో మునిగిపోతున్నట్టుందని ఎస్తేరురాణి గారు నాడి పట్టుకుని భయపడింది. సత్యవేణి పనికి పోవడం మానేసి అత్త పక్కనే కూర్చుంది. మొగుణ్ణి ఎలాగూ పోగొట్టుకుంది, ఇప్పుడు ఈవిడని కూడా సముద్రం ఇంట్లోకొచ్చి పట్టుకుపోతుందేమోనని దాని భయం.

ఒక మధ్యాహ్నం అత్త నిద్రలో ఉండగా సత్యవేణి నన్ను తిరగేసి, అడుగు గుడ్డ మీద చెయ్యి రాసింది. వేలికి ముడి తగిలింది. పక్కన ఇంకోటి. చెయ్యి అలాగే అంచునించి మధ్యదాకా వెళ్ళింది. ఆ పిల్లా వలలు కట్టే ఇంట్లో పుట్టిందే. ముసలావిడ కళ్ళు తెరిచేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పింది.

"అత్తా, ఇది బొంత కాదు. వల."

"నా కొడుకు నా దగ్గరున్నాడని నీకు కడుపుమంటే."

"నీ దగ్గరకి రాలేదత్తా. పడ్డాడు. ఆకలేస్తోందని అడుగుతున్నాడు, వినబడట్లేదా? బతికున్నోడైతే లేచి తినేవోడు కదా."

నూకరత్నం చెయ్యెత్తింది. కొట్టలేదు. ఆ చేత్తోనే నన్ను తడుముకుంది, ముడులు ఒక్కొక్కటీ, చాలాసేపు. ఏ ముడి ఎప్పుడు వేసిందో వేళ్ళకి గుర్తుంటుంది కదా. "సముద్రం పట్టుకుందనుకున్నానే. నేనా పట్టుకుంది" అంది. ఆ తర్వాత ఏడ్చింది, ఇన్నాళ్ళదీ కలిపి. లోపల మనిషి కదలకుండా విన్నాడు.

మర్నాడు పట్టపగలు, ఎండ నడినెత్తినున్నప్పుడు, నన్ను పెరట్లో ఇసుక మీద పరిచారు. నూకరత్నం ఓపిక లేకపోయినా తనే వండింది. మావిడికాయ వేసి చేపల పులుసు, వేడి అన్నం. అత్తా కోడలూ చెరో వైపు కూర్చుని, అంచునించి ముడులు కోసుకుంటూ వచ్చారు. వల ముడి విప్పితే రాదు, కొయ్యాల్సిందే. ఒక్కో ముడి తెగినప్పుడల్లా నాలోంచి నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోయాయి. మధ్యలో ఒక్కటి మిగిలింది. సత్యవేణి బ్లేడు పెట్టబోతే నూకరత్నం చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ముందు అన్నం."

కంచం తెచ్చి నా మధ్యనున్న ఖాళీలో, ఆ గుమ్మంలో పెట్టింది. అది కర్మ అని ఎవరూ అనలేదు. మంత్రం లేదు, బ్రాహ్మడు లేడు, దర్భ లేదు. ఇద్దరూ వెనక్కి తిరిగి గోడవైపు కూర్చున్నారు. నేను మాత్రం ఎటు తిరుగుతాను? చూశాను. ఏం చూశానో చెప్పను, అది తల్లీ కొడుకుల సంగతి. వాళ్ళు ఇటు తిరిగేసరికి కంచంలో అన్నం మీద నాలుగు వేళ్ళు దిగిన గుర్తులున్నాయి. పులుసులో ముక్క లేదు.

"తిన్నాడు" అంది నూకరత్నం. కంచం పక్కకి తీసి, ఆఖరి ముడి తనే కోసింది.

కొడుకు వేటకి పోయే ప్రతి తెల్లారీ ఆవిడ వాకిట్లో నిలబడి వెళ్ళిరా అనేది. మీ ఇళ్ళల్లోనూ అంతేగా, వెళ్ళు అని ఎవరూ అనరు, అపశకునం. ఆ రోజు ఆవిడ నోరు వెళ్ళిరా అనడానికి తెరుచుకుంది. సగంలో ఆపుకుని, "వెళ్ళు నాయనా" అంది. నాలో బరువు లేచింది. పెరటి ఇసుక మీద తడి అడుగులు సముద్రం వైపు పడుకుంటూ పోయాయి. ఎండకి ఒక్కొక్కటే ఆరిపోయాయి.

నా దూదిలోంచి లుంగీ తీసి, ఏరు సముద్రంలో కలిసే మొగలో నీళ్ళలో వదిలారు. నెల తిరక్కుండా నూకరత్నం దగ్గు తగ్గింది. సత్యవేణి తలకి నూనె రాసుకుని, మెడలో ఏమీ లేకుండా, ఎస్తేరురాణి గారి షెడ్డులో చేరింది. ఇప్పుడు పసుపురంగు గుడ్డ మీద ఏదో ఆకు కుడుతోంది. ఏ కాలానికని అడిగితే ఇంకా అనుకోలేదంటుంది. దారం కొస మెత్తగా ముడేసి లోపలికి లాగేస్తుంది.

నన్ను షెడ్డు గోడకి తగిలించారు. అలల కుట్లు పోయాయి, సూది బెజ్జాలు మాత్రం వరసలు వరసలుగా మిగిలాయి. ఇప్పుడు నన్ను ఉతికి ఎండలో వేస్తే మిగతా బొంతల్లాగే ఎండిపోతాను. ఎవరికీ కల రాదు, ఎవరినీ అన్నం అడగను. నిజం చెప్పాలంటే నాకు దిగులుగానే ఉంది. నాలో ఒకప్పుడు ఒక మనిషి పడుకునేవాడు.

నూకరత్నం వచ్చినప్పుడల్లా నా మధ్యలో అరచెయ్యి పెట్టి చూస్తుంది, తడేమన్నా ఉందా అని. ఉండదు. "పొడిగానే ఉంది, మంచిది" అంటుంది పక్కవాళ్ళతో. చెయ్యి మాత్రం వెంటనే తియ్యదు.