డబ్రీ నీళ్ళు తాగినవాడు

డబ్రీని ఎండగట్టినవాడు గోపాలస్వామి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. కుమ్హారిలో ఎవరైనా ఇంకో మాట చెబితే, వాళ్ళు గోపాలస్వామి కొట్లో కూర్చుని అతడి టీ తాగి వచ్చారని అర్థం.

కొర్నేలి ఈ సంగతిని హోళీ వెళ్ళేసరికే తేల్చేశాడు. భిలాయి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చి కోకు చేసే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. క్యాంప్ వన్ ఇరుకు గల్లీలో కాపురం చాలించి, కుమ్హారి చివర ఒక చిన్న చెరువు గట్టు పక్కన ఇల్లు కట్టుకున్నాడు. ఆ చెరువును అక్కడివాళ్ళు డబ్రీ అంటారు. పెరటి గోడ మీద మోచేతులు ఆనిస్తే నీళ్ళు కనిపిస్తాయి. ఎంత ఎండాకాలంలోనైనా గేదె వీపు మునిగేన్ని నీళ్ళు ఉండేవి. ఈ ఏడు హోళీకే గేదె మోకాళ్ళు బయటపడ్డాయి. ఈస్టరుకి గిట్టలు కూడా ఆరేలా ఉన్నాయి.

ఎప్పుడూ లేనిది ఈ ఏడు కొత్తగా వచ్చింది ఒక్కటే. డబ్రీ బచావో సమితి. దానికి అధ్యక్షుడు గోపాలస్వామి. ఎప్పుడో విజయనగరం నుంచి వచ్చి, రోడ్డు మీద పైపులూ కుళాయిలూ సిమెంటూ అమ్ముకుంటూ స్థిరపడ్డవాడు. పచ్చ టీషర్టులు కుట్టించాడు. గట్టు మీద బోర్డు నాటించాడు. ఆదివారం వస్తే చాలు, జనాన్ని పోగేసి గట్టు పొడుగునా పెరిగిన బేషరమ్ పొదలు పీకించాడు. నరికినా చావని ఆ పొదకు సిగ్గులేనిదని పేరు పెట్టినవాడెవడో గోపాలస్వామి ముఖం చూసే పెట్టి ఉంటాడని కొర్నేలి నమ్మకం. నీళ్ళు కాస్త వెనక్కి తగ్గడం చూసి, జేసీబీ తెప్పించి ఒక వారగా పూడిక తీయించాడు కూడా. అక్కడ ఇప్పుడు పెద్ద గొయ్యి ఉంది. డబ్రీ అడుక్కి బొక్క పడింది ఆ గోతి వల్లేనని కొర్నేలి తీర్పు. కాపాడేవాడు లేనంతకాలం డబ్రీ నిక్షేపంలా ఉందని ఎదురైన ప్రతివాడికీ చెప్పేవాడు.

గేదెలకు లేని బాధ నీకేమిటని అడిగినవాళ్ళు ఉన్నారు. బాధ ఉంది.

అతడి భార్య డోర్కాస్ కొత్త కోడలిగా భిలాయి వచ్చినప్పుడు ఈ డబ్రీలోనే మునిగి బాప్తిస్మం తీసుకుంది. క్యాంప్ వన్ తెలుగు సంఘానికి అప్పట్లో మునగడానికి ఇవే నీళ్ళు. టెంపోలో వచ్చి, మునిగి, తడిబట్టలతో పాటలు పాడుకుంటూ వెళ్ళేవాళ్ళు. కొర్నేలి మాత్రం మునగలేదు. ఒక ఏడు జలుబన్నాడు. ఒక ఏడు డ్యూటీ అన్నాడు. తరువాత మోకాళ్ళన్నాడు. మునగనివాడికి గుడిలో ప్రభువు బల్ల లేదు, అంటే రొట్టే ద్రాక్షరసమూ అందవు. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడల్లా వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవడం అతడికి అలవాటైపోయింది. డోర్కాస్‌కి అలవాటు కాలేదు. స్థలం కొనేటప్పుడు ఈ గట్టు పక్కనే కొనాలని పట్టుబట్టింది అందుకే. మనిషి నీళ్ళ దగ్గరికి వెళ్ళనప్పుడు, ఇంటినే నీళ్ళ దగ్గరికి తీసుకొచ్చింది.

దీపావళి వెళ్ళిన కొత్తలో ఒక సాయంత్రం, చాట ముందేసుకుని బియ్యం ఏరుతూ మళ్ళీ అడిగింది.

“ఈ ఈస్టరుకైనా మునుగుతావేటి?”

“డబ్రీలో నీళ్ళుంటే మునుగుతాన్లే” అన్నాడు కొర్నేలి.

ఆ రోజుల్లో అది మాటకు మాట. డబ్రీలో నీళ్ళు లేకపోవడం ఎవరూ చూడలేదు. డోర్కాస్ నవ్వి చాట పక్కన పెట్టింది. ఆ రాత్రి పడుకున్నది తెల్లారి లేవలేదు.

పోయినవాళ్ళకిచ్చిన మాటలో బేరం ఉండదు. కొర్నేలి పాస్టరు షాలేమ్ దగ్గరికి వెళ్ళి, ఈస్టరు నాడు మునుగుతానని పేరిచ్చాడు. సంఘమంతా నోరెళ్ళబెట్టింది. అప్పట్నుంచే నీళ్ళు తగ్గడం మొదలుపెట్టాయి. ముసలాడి అదృష్టం చూడండి, దేవుడే డబ్రీ ఎండబెట్టి తప్పిస్తున్నాడని వెనక బెంచీల్లో ఎవరో నవ్వారట. అది కొర్నేలి చెవిన పడింది. భార్య ముందు తనను అబద్ధాలకోరుని చేసినవాణ్ణి అతడు క్షమించదలచుకోలేదు.

పాస్టరు మెత్తని మనిషి. నెహ్రూ నగర్ సంఘం వాళ్ళకు సిమెంటు టాంకీ ఉందని, అడిగితే ఇస్తారని, వెచ్చని నీళ్ళు కూడా పోయిస్తారని చెప్పి చూశాడు.

“కోకుని సల్లార్చినట్టు నన్ను టాంకీలో ముంచుతారేటి అయ్యగారూ?” అన్నాడు కొర్నేలి. “మా డోర్కాస్ మునిగిన నీళ్ళలోనే మునుగుతాను. లేకపోతే లేదు.”

ఇక ఇంటి సంగతి. డోర్కాస్ పోయాక ఆ ఇంట్లో ఏదీ మూసి ఉండేది కాదు. పప్పు డబ్బా మూత తీస్తే తీసినట్టే. తలుపు తెరిస్తే తెరిచినట్టే. కుళాయి కిందున్న బక్కెట్టు పొంగి వాకిలి దాకా పారేది. పాలు పిల్లి తాగేది. ఈ మూతలన్నీ కొత్తరకం నాసి మూతలని, పిల్లులకు ఈమధ్య భయం లేదని కొర్నేలి తిట్టుకునేవాడు. ప్లాంటులో అతడి డ్యూటీ సెకండ్ షిఫ్టులో వాల్వులు తెరవడం. మూయడం తరువాతి షిఫ్టువాడి పని. తెరిచి, చేతులు తుడుచుకుని, సైకిలెక్కి రావడమే. ఉద్యోగమంతా అలా గడిచింది. తెరిచినది ఎవరో మూస్తారన్నది అతడికి ఆలోచన కాదు, తూర్పున పొద్దు పొడవడం లాంటిది.

గట్టుకి అవతలి వాలులో డోర్కాస్ నాటిన కొబ్బరిచెట్టు ఉంది. భీమిలి నుంచి మొలక తెచ్చుకుంది. ఈ ఎండలకు అది కాసేది కాదు, కాసినా నిమ్మకాయంత. ఆమె పోయాక కొర్నేలి అటు వెళ్ళలేదు. సమితివాళ్ళనీ వెళ్ళనివ్వలేదు. కొడవళ్ళు పట్టుకుని అటు తిరిగితే చాలు, పెరటి గోడ మీంచి కేకలేసేవాడు. గోపాలస్వామి దణ్ణం పెట్టి, ఆ మూల పొదలు ముట్టుకోవద్దని తన మనుషులకు చెప్పేశాడు. గట్టంతా గుండు చేసినట్టు నున్నగా తయారైనా, ఆ మూల మాత్రం పిలకలా మిగిలింది.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం ఇంకొక రోజు ఉందనగా కొర్నేలి కంట ఒక పచ్చదనం పడింది.

గట్టు కింద ఛాయ అనే ఆమెకు చిన్న కూరల మడి ఉంది. అక్కడి మనిషే. డోర్కాస్‌తో తిరిగి తిరిగి తెలుగు నేర్చుకుంది. కుమ్హారి అంతా పెనంలా కాలుతుంటే ఆమె మడిలో పాలకూర ఏనుగు చెవులంతేసి ఆకులు వేసి ఊగుతోంది. కొత్తిమీర కమ్మగా వాసనేస్తోంది. వారానికోసారి ఛాయ ఒక కట్ట తెచ్చి కొర్నేలి గుమ్మంలో పెట్టి, పైసా తీసుకోకుండా, దణ్ణం పెట్టి వెళ్ళేది. తనంటే భయమనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది భయం కాదు, దొంగసొమ్ములో వాటా అని ఇప్పుడు తెలిసింది. ఆ మడికి నీళ్ళు డబ్రీలోంచి వస్తున్నాయి. పంపేవాడు గోపాలస్వామి.

మర్నాడు ఆరాధన ముగుస్తూనే అతడు గుమ్మానికి అడ్డంగా నిలబడి, అందరూ గట్టు మీదికి రావాలన్నాడు. ఆ రోజు ఆనవాయితీ ప్రకారం అందరి చేతుల్లోనూ ఈతమట్టలు ఉన్నాయి. పడేసే చోటు లేక వాటితోనే టెంపోలెక్కి కుమ్హారి రోడ్డు మీద దిగారు. ముందు కొర్నేలి, వెనక పాస్టరు, ఆ వెనక మట్టలు ఊపుకుంటూ సంఘం. ఊరేగింపు ఈ ఏడు డబ్రీ దాకా పెట్టారు కాబోలనుకుని దారిన పోయేవాళ్ళు కొందరు కలిశారు. గట్టు మీద గోపాలస్వామి పచ్చ టీషర్టులో, మనుషులతో తయారుగా ఉన్నాడు. తనకోసమే మట్టలు పట్టుకొస్తున్నారనుకుని మొహం విప్పారింది.

“గోపాలసామీ, నీళ్ళన్నీ ఏటి సేసినావు?” అన్నాడు కొర్నేలి.

“నానేటి సేసుకుంటాను కొర్నేలన్నా? సీసాల్లో పోసి అమ్ముకుంటానేటి?”

“పైపులమ్మీవోడికి పైపేసుకోడం ఎంతసేపు? ఆ మడి కాడ్నుంచి తడి ఎటుపోతాదో అందరం సూద్దాం పద. కత్తి అట్టుకో.”

గోపాలస్వామి కత్తి పట్టుకున్నాడు. ఛాయ మడి నుంచి సన్నని కాలువ పైకి పోతోంది. దాని వెంట కొర్నేలి నడిచాడు. కాలువ గట్టు వాలు ఎక్కి, తాకొద్దని తాను కాపలా కాసిన మూలలోకే దారి తీసింది. కొర్నేలి ఒక్క క్షణం ఆగాడు. మూసిన పొదల మాటున గోపాలస్వామి పైపు ఎంత తెలివిగా పెట్టాడోనని అనుకుని, నరకమన్నాడు.

బేషరమ్ పొద విరిగి పడుతుంటే ముందు కొబ్బరిచెట్టు కనిపించింది. గెలలు గెలలుగా కాసి ఉంది. ఒక్కో కాయ తలకాయంత. సంఘంలో ఉన్న కోస్తావాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. ఛత్తీస్‌గఢ్‌లో అలాంటి కాపు వాళ్ళెవరూ చూడలేదు. ఇంకో పొద పడింది. గట్టులోంచి బయటికి ఒక పైపు. పైపుకొక వాల్వు. ధారగా నీళ్ళు.

వాల్వు చక్రానికి ఎర్ర రంగు వేసి ఉంది.

ఆ రంగు కుమ్హారిలో అందరికీ తెలుసు. కొర్నేలి ఇంటి గేటుదీ, స్టూలుదీ, సైకిలుదీ అదే రంగు. కోక్ ఓవెన్ల దగ్గర పైపులకు వేసే ఎరుపు. ఇంకెవరూ ఇంటి వస్తువులకు వేసుకోరు. ఈతమట్టలు కిందికి వాలాయి. గోపాలస్వామి వంగి, వాల్వును అటూ ఇటూ చూసి, వ్యాపారస్తుడిలా తేల్చాడు.

“ఇది మా కొట్లో సరుకు కాదు.”

కొబ్బరిచెట్టుకి నీళ్ళు పెట్టడానికి ఆ పైపు వేసింది కొర్నేలే. డోర్కాస్ ఉన్నన్నాళ్ళూ రోజూ సాయంత్రం వచ్చి తెరిచేవాడు. తెరిచి వెళ్ళిపోయేవాడు. మర్నాడు సాయంత్రం వచ్చేసరికి అది మూసే ఉండేది. ఎలా మూసుకుందని అతడు ఏనాడూ అడగలేదు.

జనం వెనక నుంచి ఛాయ వచ్చింది. కాలువ సంగతి కాబట్టి తనను తిడతారేమోనని బెదురుతూనే మాట్లాడింది.

“దీదీ రోజూ సుబే, పొద్దున్నే వచ్చి బంద్ చేసీది, భయ్యా. తెరవడం మీ డ్యూటీ, మూయడం తన డ్యూటీ అనీది. ‘నేను ఫస్ట్ షిఫ్టు’ అని నవ్వీది.”

మరి ఆమె పోయాక నువ్వెందుకు మూయలేదని పాస్టరు మెల్లగా అడిగాడు.

“దీదీ పేరు మీద భయ్యా నీళ్ళు వదిలేసినారనుకున్నాను. పుణ్యం పని. నేనెలా బంద్ చేస్తాను?”

బస్తీలో కూడా అందరికీ అదే చెప్పిందట. పెళ్ళాం పేరు మీద చెరువే దానం చేసిన మనిషని, ఆకుకూర కట్ట అందుకేనని, దణ్ణమూ అందుకేనని.

కొర్నేలి వాల్వు దగ్గర కూర్చున్నాడు. రెండు చేతులతో చక్రం పట్టుకుని తిప్పాడు. నీళ్ళు ఇంకా జోరుగా వచ్చాయి. ఉద్యోగమంతా ఒకే వైపు తిప్పిన చేతులు. గోపాలస్వామి పక్కన కూర్చుని, అతడి చేతుల మీద చేతులు వేసి ఇటు తిప్పాడు. ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. ఆ చప్పుడు ఆగాక గట్టు మీద మనుషులకు తమ ఊపిరే వినబడింది. పాస్టరు ఏదైనా పాట ఎత్తుకుందామా అని చూశాడు. కొర్నేలి అతడి వంక చూసేసరికి మానుకున్నాడు.

ఈస్టరు నాడు తెల్లవారుజామున సంఘం మళ్ళీ గట్టు మీదికి వచ్చింది. డబ్రీలో నీళ్ళు చీలమండల లోతు. మునగడానికి చాలినన్ని ఒక్క చోటే ఉన్నాయి. గోపాలస్వామి తవ్వించిన గోతిలో. వానాకాలం దాకా ఆగుదామని పాస్టరు చెప్పి చూశాడు. నీళ్ళుంటే అన్నానని, ఉన్నాయని కొర్నేలి అన్నాడు. తెల్ల బట్టలతో బురదలోకి దిగాడు. మనిషి పొడుగు, గొయ్యి పొట్టి. పాస్టరు తల ముంచితే మోకాళ్ళు తేలాయి. మోకాళ్ళు ముంచితే తల తేలింది. మొత్తం మునిగేదాకా లెక్కకు రాదు. చివరికి గట్టు మీంచి గోపాలస్వామి పచ్చ టీషర్టుతోనే దిగి మోకాళ్ళు నొక్కిపట్టాడు. కొర్నేలి మునిగాడు. కాస్త ఎక్కువసేపే మునిగాడు. లేచినప్పుడు గడ్డం నిండా బురద, కళ్ళ నిండా నీళ్ళు. డబ్రీ నీళ్ళేనని అందరూ అనుకున్నారు.

గోతి అంచు జారుతుంటే గోపాలస్వామి చెయ్యి అందించాడు. వేరే దారి లేక కొర్నేలి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ఇంకో అడుగు తవ్వించుంటే ఈ మోకాళ్ళ బాధ ఉండీది కాదు” అన్నాడు.

ఆ పూట రొట్టె పళ్ళెం వెనక బెంచీ దాకా వచ్చింది. అతడు కిటికీ వైపు చూడలేదు.

తరువాత వానలు పడ్డాయి. డబ్రీ నిండింది. బోర్డు మీద సమితివాళ్ళు కొత్త ఫోటో అతికించుకున్నారు. వానలు తగ్గాక కొర్నేలి సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి గట్టు అవతలికి వెళ్ళి వస్తున్నాడని ఛాయ అందరికీ చెప్పింది. పొద్దున వెళ్ళేటప్పుడు డోర్కాస్ పాత శాలువా కప్పుకుంటాడట. అతడు ఎవరికీ చెప్పలేదు.

ఒకసారి కుళాయి వాషరు కోసం గోపాలస్వామి కొట్టుకి వెళ్ళాడు. టీ ఇస్తే తాగాడు. గోపాలస్వామి గొంతు సవరించుకుని, “అన్నా, ఆ వాల్వు సంగతి...” అని మొదలుపెట్టాడు.

కొర్నేలి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“గొయ్యి నువ్వు తవ్వించినావు. అది తప్పే. ఆ వాల్వు మాట మాత్రం నా దగ్గర మరెత్తొద్దు. నానూ ఎత్తను.”

వాషరు జేబులో వేసుకుని, కొట్టు అద్దాల తలుపు తెరిచి బయటికి వెళ్ళాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మూశాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తడు.