నలభై ఎనిమిదో కొండ

జనీన్ బొల్డక్ మా కట్టెల బ్యాంకుకు వచ్చిన మొదటిరోజున ఆమెను కాఫీ పెట్టమన్నది నేనే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూతపడ్డ చర్చి వెనక ఖాళీ స్థలంలో ఉంటుంది మా బ్యాంకు. కలప నరికేవాళ్ళు అమ్ముడుపోని దుంగలు అక్కడ పడేసి పోతారు. ఉద్యోగాలు మానేసిన ముసలివాళ్ళం అయిదుగురం వాటిని కోసి, చీల్చి, ఏడాదిపాటు ఎండబెట్టి, చలికాలానికి కట్టెలు కొనుక్కోలేని ఇళ్ళకు ఊరికే చేరవేస్తాం. ట్రక్కు నాది. నలభై ఏళ్ళు దుంగల లారీ తోలినవాణ్ణి, ఇంట్లో కాలు నిలవక పెట్టుకున్న పని. అప్పటిదాకా మాలో ఆడవాళ్ళు లేరు. ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున జనీన్ గేటు తోసుకుని లోపలికొచ్చింది. అరవై అయిదేళ్ళ మనిషి, పొట్టి. బూట్ల నిండా ఎండిన బురద.

"ఏం పని చెయ్యమంటారు?" అంది.

"స్టవ్ అటు ఉంది, జనీన్. కాఫీ పెడితే అందరం తాగుతాం," అన్నాను.

"ఇరవై తొమ్మిదేళ్ళు బడి వంటింట్లో రోజుకు నాలుగొందలమందికి వడ్డించాను, ఫెర్నాండ్. నీ పిల్లలిద్దరికీ పెట్టింది కూడా నేనే. కాఫీ నువ్వు పెట్టుకో. నాకు గ్లౌజులియ్యి."

మాలో ఒకడు, రోలండ్, గొడ్డలి ఆనుకుని పడీపడీ నవ్వాడు. గ్లౌజులిచ్చాను. సాయంత్రానికి ఆమె పేర్చిన కట్టెల వరస చూసి అందరం నోళ్ళు మూసుకున్నాం. గోడ కట్టినట్టుంది.

అప్పటినుంచి కట్టెలు దింపే రోజుల్లో ట్రక్కులో నా పక్క సీటు ఆమెది. ఎదురుగా చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు నిదానంగా మాట్లాడేది. ఆమె గురించి నాకు తెలిసిందంతా ఆ సీట్లోంచి విన్నదే.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. అమ్మనెవరు చూస్తారన్నది మొదట్లో సాకు, తర్వాత నిజమే అయిందట. ఆ అమ్మ తొంభై నాలుగేళ్ళు బతికింది. ఇంట్లో ఇద్దరూ ఫ్రెంచిలోనే మాట్లాడుకునేవాళ్ళు. మా తాతలు సరిహద్దు దాటి కలప పనికొచ్చిన ఫ్రెంచివాళ్ళు. మా వయసువాళ్ళమంతా ఆ భాషలోనే పెరిగాం గానీ పిల్లలకు అందించలేదు. నాకైతే ఇప్పుడు తిట్లు, ప్రార్థనలు మాత్రమే మిగిలాయి. బ్యాంకుకు రావడానికి ముందు ఏడాది మార్చిలో అమ్మ పోయింది. జూన్‌లో జనీన్ బడి వంటింటి పని మానేసింది.

"ఆ వేసవిలో ఒకసారి లెక్కపెట్టాను," అంది ఒకరోజు. "తొమ్మిది రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. మధ్యలో మందుల షాపు నుంచి ఫోనొచ్చింది, మాత్రలు తయారుగా ఉన్నాయి తీసుకెళ్ళమని. అది మనిషి కాదు, మిషను. తెలిసి కూడా థాంక్యూ అన్నాను."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

కొండలెక్కడం ఆ అక్టోబర్‌లో మొదలైంది. ఆకులు రంగు మారాయి కదా చూద్దామని కారేసుకుని వెళ్ళి, ఒక దారి మొదట్లో కార్లు వరసగా ఆగి ఉంటే తనూ ఆపింది. వంటింటి బూట్లతోనే లోపలికి నడిచింది. దిగేవాళ్ళు ఎదురై, బాగున్నారా అన్నారు. ఒకామె నీళ్ళిచ్చింది. ఒక ముసలాయన తన చేతికర్ర ఇచ్చేసి పోయాడు.

"పదకొండుమంది పలకరించారు, ఫెర్నాండ్. దగ్గరికొచ్చేశావు, ఇంకాస్తే అన్నారు. అందరూ అబద్ధాలకోర్లే. ఇంకా రెండు మైళ్ళుంది."

"మరి వెనక్కొచ్చేశావా?"

"ఎందుకొస్తాను? మధ్యలో తిరిగితే పైకొస్తున్నవాళ్ళందరికీ జవాబు చెప్పాలిగా."

మా రాష్ట్రంలో నాలుగు వేల అడుగులు దాటిన కొండలు నలభై ఎనిమిది. అన్నీ ఎక్కినవాళ్ళ పేర్లు ఒక జాబితాలో రాస్తారు. జనీన్ ఆ నలభై ఎనిమిదీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకుంది. శనివారం కొండ, మంగళ గురువారాలు కట్టెలు. మిగిలిన నాలుగు రోజులూ ఎలా గడుపుతావని నేనెప్పుడూ అడగలేదు.

మేం కట్టెలు దింపే ఇళ్ళలో పినెట్ గారిది ఒకటి. ఎనభై ఎనిమిదేళ్ళు. కుర్రతనంలో నది మీద దుంగలు తోలినవాడు. నది పక్కనే ఒంటిగది ఇంట్లో ఉంటాడు. మొదటిసారి నేను ట్రక్కు వెనక్కి తిప్పుతుంటే గుమ్మంలోకొచ్చి కర్రెత్తాడు.

"నేను బిచ్చమడిగానా? ఎవరు పంపారు నిన్ను? తీసుకుపో."

జనీన్ దిగి ఆయనతో ఫ్రెంచిలో మాట్లాడింది. నాకు సగమే అర్థమైంది. మిగతాది తర్వాత చెప్పింది.

"బిచ్చమెవరిస్తున్నారండీ? మా దగ్గర చోటు చాలక మీ షెడ్డు వాడుకుందామని వచ్చాం. అద్దె కింద మీరు కాసిని కాల్చుకోండి."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మాయివి నువ్వు?"

"అల్సీడ్ బొల్డక్ కూతుర్ని."

"బొల్డక్‌లు పుట్టు మాటకారులు. సరే, దింపు. తడవకుండా పేర్చమను ఆ కుర్రాణ్ణి."

కుర్రాడంటే నేను. నాకప్పటికి డెబ్భై.

ఆ తర్వాత పినెట్ గారింట్లో కట్టెలు దింపే పని ఎప్పుడూ గంట దాటేది. నేను పేరుస్తుంటే ఆమె లోపల బల్ల దగ్గర కూర్చునేది. ఈ వారం ఏ కొండ, గాలి ఎటునుంచి కొట్టింది, మంచు పడిందా, ఎవరు కలిశారు, అన్నీ అడిగేవాడాయన. కిటికీలోంచి వాళ్ళ మాటలు వినిపిస్తుంటే నాకు మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చేది. జనీన్ ట్రక్కులో కంటే అక్కడ గబగబా, గట్టిగా మాట్లాడేది. వేరే మనిషిలా ఉండేది.

మాతో చేరిన నాలుగో ఏడు సెప్టెంబర్ ఆఖరుకి ఆమెకు నలభై ఏడు కొండలు అయ్యాయి. చివరి కొండకు నలుగుర్నీ వెంటబెట్టుకుని ఎక్కి, పైన వేడుక చేసుకోవడం ఇక్కడి అలవాటు. ఒక మంగళవారం జనీన్ అయిదు కార్డులు తెచ్చి కాఫీ బల్ల మీద మా కప్పుల పక్కన పెట్టింది. స్వయంగా రాసింది. అక్టోబర్ రెండో శనివారం, కారిగెయిన్ కొండ, పొద్దున ఏడింటికి కింద కార్లు ఆగేచోట కలుద్దాం, కేకు నేను తెస్తాను. అడుగున చిన్న అక్షరాలతో, పైదాకా రాలేనివాళ్ళు మొదటి వాగు దాకా వచ్చినా చాలు.

"వాగు దాకా ఎందుకు, నిన్ను భుజాలమీద మోసుకెళ్తాం," అన్నాడు రోలండ్.

"ముందు నీ పొట్ట మొయ్యి," అందామె. అందరం వస్తామన్నాం. నేనైతే రెండుసార్లు అన్నాను.

శుక్రవారం సాయంత్రం మా బావమరిది ఫోన్ చేశాడు. కొత్త కుక్క కొన్నాడు, రేపు అడవికోళ్ళ వేటకు పోదాం రమ్మన్నాడు. నా మోకాలు ఎలాగూ బాగాలేదు, మిగతా నలుగురు వెళ్తారుగా అనుకున్నాను. మా ఆవిడ పొలీన్ కార్డు చూపించి, "మరి జనీన్?" అంది. "వాళ్ళున్నార్లే," అన్నాను. అబద్ధం చెప్పానని అనిపించలేదు. నిజంగానే వాళ్ళున్నారనుకున్నాను.

తర్వాత తెలిసింది. రోలండ్‌కి మనవరాలి సాకర్ ఆట. ఒకడికి జలుబు. ఒకడు ఆదివారమనుకున్నాడు. ఇంకొకడు ఫెర్నాండ్ వెళ్తాడులే అనుకున్నాడు.

మంగళవారం ఆమె మామూలుగానే వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ వెళ్ళుంటారు, నేనొక్కణ్ణే ఎగ్గొట్టానన్న సిగ్గుతో నేను మాట్లాడలేదు. మిగతావాళ్ళూ అలాగే ఉన్నారని నాకు తెలియదు. పది గంటలకు ట్రక్కు నింపుకుని ఇద్దరం పినెట్ గారింటికి వెళ్ళాం.

ఆయన ఆ రోజు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఎండలో కూర్చున్నాడు. నేను మొదటి మోపు ఎత్తుకోగానే పిలిచాడు. నాకోసమని ఇంగ్లీషులోనే అడిగాడు.

"ఏం కుర్రాడా, పైన గాలెలా ఉంది?"

"ఎక్కడ పైన?"

"కారిగెయిన్ మీద. నువ్వూ వెళ్ళావటగా. అందరూ వచ్చారని చెప్పింది అమ్మాయి. శనివారం కేకు తెచ్చిపెట్టింది నాకు. నీ మోకాలితో పైదాకా ఎక్కావంటే గట్టివాడివే."

జనీన్ ట్రక్కు వెనక నిలబడి ఉంది. చేతుల నిండా కట్టెలు. ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. నాకేసి చూడలేదు. కట్టెలకేసే చూస్తోంది.

"చలిగా ఉంది," అన్నాను. "గాలి బాగా కొట్టింది."

"పడమటి గాలా?"

"పడమటిదే."

"అక్టోబర్‌లో అంతే," అని తలాడించాడాయన. జనీన్ నా పక్కనుంచి షెడ్డులోకి వెళ్ళి కట్టెలు పేర్చడం మొదలుపెట్టింది. ఆ రోజు లోపల కూర్చోలేదు. ఇంకో ఇంటికి వెళ్ళాలని చెప్పింది. వెళ్ళాల్సిన ఇల్లేదీ లేదు.

ట్రక్కు మైలు దూరం పోయాక, నది వంతెన దగ్గర పక్కకు ఆపాను.

"ఎవరూ రాలేదా?"

"లేదు."

"రోలండ్?"

"ఎవరూ అంటే ఎవరూ, ఫెర్నాండ్."

అప్పుడు చెప్పింది. ఏడింటినుంచి ఎనిమిదింబావు దాకా కారు పక్కన నిలబడింది. ప్రతి కారు శబ్దానికీ రోడ్డు మీదికి వెళ్ళి చూసింది. దారి తప్పారేమోనని రోడ్డు మొదటిదాకా వెళ్ళొచ్చింది. తర్వాత క్యారెట్ కేకు డబ్బా ఒరగకుండా సంచిలో నిలబెట్టుకుని, ఆరు ఫోర్కులు పెట్టుకుని బయల్దేరింది. వాగు దాటింది. అయిదు మైళ్ళు ఎక్కింది. పైన ఒక చెక్క మంచె ఉంది. దాని చుట్టూ పదిహేనుమంది, బెలూన్లు, పాటలు. ముప్ఫై ఏళ్ళమ్మాయి ఒకతె ఆ రోజే తన నలభై ఎనిమిదోది పూర్తి చేసింది. వాళ్ళమ్మ ఏడుస్తోంది, వాళ్ళ నాన్న సీసా తెరుస్తున్నాడు.

"మంచివాళ్ళు," అంది జనీన్. "నన్ను చూడగానే రమ్మన్నారు. కేకు పెట్టారు. చాక్లెట్ కేకు. మీకిది ఎన్నోదని అడిగిందా పిల్ల."

"ఏం చెప్పావు?"

"లెక్కపెట్టుకోవడం లేదన్నాను."

"ఎందుకలా చెప్పావు? వాళ్ళు నీక్కూడా పాడేవాళ్ళు కదా."

"పాడేవాళ్ళు. అందుకే." గ్లౌజులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఫోటో తియ్యమన్నారు. అందరూ ఒక ఫోటోలో రావాలిగా, తీసేందుకు మనిషి లేడు. నాలుగు తీశాను. ఒకదాన్లో వాళ్ళ నాన్న కళ్ళు మూశాడు, మళ్ళీ తీశాను."

వంతెన కింద నది చప్పుడు. క్షమించమన్నాను. వేట సంగతి కూడా దాచకుండా చెప్పాను.

"ఎన్ని కోళ్ళు దొరికాయి?"

"ఒక్కటి."

"కుక్క మంచిదేనా?"

"పనికిరాని కుక్క."

ఆమె తలాడించింది. "నాకు కోపం లేదు. మీరు చెడ్డవాళ్ళయితే తేలిగ్గా ఉండేది. మర్చిపోయారు, అంతే. నేను మర్చిపోదగ్గ మనిషినే అనిపించింది కిందికి దిగుతుంటే. పినెట్ గారు అడిగేసరికి, అందరూ వచ్చారని నోటికొచ్చింది. ఫ్రెంచిలో చెప్పాను కదా, అది చాలా బాగా వినిపించింది. తర్వాత ఎవరెవరు ఏమన్నారో కూడా కల్పించి చెప్పాను. నువ్వు వాగులో జారిపడ్డావు."

"జారిపడ్డానా?"

"ఆయన చాలా నవ్వాడు."

మరుసటి గురువారం నేను మిగతావాళ్ళకు చెప్పాను. అందరి మొహాలూ మాడిపోయాయి. రోలండ్ భార్య పెద్ద కేకు చేసి పంపింది. దాని మీద పంచదారతో నలభై ఎనిమిది అని రాసి ఉంది. దుంగల మధ్య నిలబడి చప్పట్లు కొట్టాం. జనీన్ అందరికీ థాంక్స్ చెప్పి, ఒక ముక్క తిని, కత్తి అడిగి మిగతాది సమంగా కోసి వడ్డించింది. చేతికి అలవాటైన పని. ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుని నిలబడ్డాం, ఎటు చూడాలో తెలియక. అయిదు నిమిషాలకు ఆమె గ్లౌజులు తొడుక్కుని దుంగలు చీల్చే మెషిను స్టార్ట్ చేసింది. అందరికీ హాయిగా అనిపించింది.

జనవరిలో ఆమె అదే జాబితా మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి మంచులో. పొలీన్‌తో చెప్పి, మోకాలికి పట్టీ బిగించుకుని, ఒక శనివారం పొద్దున ఆమె ఇంటి ముందు ట్రక్కాపాను. ముందుగా చెప్పలేదు. ఆమె తలుపు తీసి నన్నూ, నా బూట్లనూ చూసి, లోపలికెళ్ళి బూట్లకు తగిలించే ఇనపముళ్ళు ఒక జత తెచ్చిచ్చింది.

మొరాయా కొండ. రెండు మైళ్ళ దగ్గర ఒక బోడిబండ వస్తుంది. అక్కడికి చేరేసరికి నా మోకాలు ఇక వంగనంది. దారిలో ఒక్క మనిషి ఎదురు కాలేదు. ఆమె సంచిలోంచి వేడి సూపు తీసి మూతలో పోసిచ్చింది, నేను తాగేదాకా నిలబడింది.

"దిగగలవా?"

"దిగుతాను. నువ్వు పో, చీకటి పడుతుంది."

ఆమె చెట్లలోకి వెళ్ళింది. ఎర్రటి సంచి కాసేపు కనపడింది. మంచు మీద ఇనపముళ్ళ కరకర ఇంకాసేపు వినపడింది. అదీ ఆగిపోయాక ఆ బండ మీది నిశ్శబ్దాన్ని నా చెవులు తట్టుకోలేకపోయాయి. నాలుగేళ్ళుగా ఆమె నా పక్క సీట్లోంచి మాట్లాడుతూనే ఉంది. నేను నవ్వి ఊరుకున్న మాటలు ఒకటొకటే గుర్తొచ్చాయి. ఒక్కణ్ణే దిగాను. గంట పట్టాల్సింది రెండున్నర గంటలు పట్టింది.

ట్రక్కులో కూర్చుని ఎదురుచూశాను. మూడున్నరకు వచ్చింది. కనుబొమలు మంచుపట్టి తెల్లగా ఉన్నాయి.

"ఇంటికి పోలేదా?"

"నువ్వెలా వెళ్తావు, నా ట్రక్కులో వచ్చి?"

"అవును కదా," అని ఎక్కి కూర్చుంది. చేతులు హీటరు దగ్గర పెట్టుకుంది. ఊరు దగ్గరపడింది.

"వచ్చే శనివారం ఏ కొండ?" అన్నాను.

"ఫెర్నాండ్, నాకొక సాయం చెయ్యి. వస్తానని మాత్రం ఎప్పుడూ అనకు. రావాలనుకుంటే ఇవాళ వచ్చినట్టు వచ్చెయ్యి. లేకపోతే లేదు. నేను ఏడింటికి బయల్దేరతాను, ఎవరికోసమూ ఆగను."

సరేనన్నాను. ఆమె దిగి, సంచి భుజాన వేసుకుని, మంచు తొలగించని మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. వంటింట్లో దీపం వెలిగింది.

ఆ చలికాలం ఇంకో రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ సగంలోనే తిరిగొచ్చాను. మిగతా శనివారాలన్నీ ఆమె ఒక్కతే ఎక్కింది.