కోకిలక్క ఫోటోలు

ఫోన్ల సంగతి బాగా తెలిసినవాడని హేమనాథ్‌కు చుట్టాల్లో పేరు. తిరువళ్ళూరులో ఒక మందుల గోడౌన్‌లో రోజంతా కంప్యూటరు ముందర కూర్చునే ఉద్యోగం అతనిది. ఎవరి ఫోను మొండికేసినా, ఎవరు పాస్‌వర్డు మరిచిపోయినా అతనికే ఫోను చేస్తారు. విసుక్కుంటూనే చెప్తాడు, చెప్పినాక లోలోపల కాస్త గర్వపడతాడు. సొంత అక్క కోకిల దగ్గర మాత్రం ఆ గర్వానికి కూడా చోటుండేది కాదు, ఉత్త విసుగే.

కోకిల ఉండేది ఆర్.కె.పేట పక్కన నేతవాళ్ళ వీధిలో. అతనికంటే చాలా పెద్దది. అమ్మ పోయినాక అతనికి తల దువ్వి బడికి పంపింది ఆమే. బావ సుదర్శనం, ఆమె ఒకే మగ్గం మీద వంతులేసుకుని నేసేవాళ్ళు. అట్లాంటిది పోయిన ఏడాది ఉన్నట్టుండి అక్క మగ్గం దిగేసింది. వీధిలో ఆడవాళ్ళు నేసిన చీరలకు ఫోటోలు తీసి, చేనేత చీరలమ్మే ఒక వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలుపెట్టింది.

"ఇప్పుడెందుకక్కా నీకీ పని?" అన్నాడు హేమనాథ్.

"కండ్లు లాగతా ఉండాయిరా. కొన్నాళ్ళు మగ్గానికి సెలవిచ్చినా" అంది.

సరేలే అనుకున్నాడు. అంతకు మించి అడగలేదు.

ఆ ఫోటోలతోనే వచ్చింది తంటా. ఒకరోజు ఫోను చేసి, "హేమూ, నేను పెట్టే ఫోటోలన్నీ ఆ సైట్‌లో తలకిందులుగా పడతా ఉండాయిరా. చీర మీద నెమళ్ళన్నీ కాళ్ళు పైకెత్తుకోనుండాయి. ఏం చెయ్యాల?" అంది.

"నీ ఫోన్‌లో ఎట్లుంది?"

"నా ఫోన్‌లో తిన్నగానే ఉంది."

"నాకు వాట్సాప్‌లో పంపు, చూస్తా."

పంపింది. దండెం మీద వెడల్పుగా పరిచిన చిలకపచ్చ చీర, ఎరుపు అంచు. నెమళ్ళు బుద్ధిగా నిలబడే ఉన్నాయి.

"తిన్నగానే ఉంది కదక్కా. నువ్వే యాడో తప్పు నొక్కతా ఉండావు. గ్యాలరీలో తిప్పి పెట్టు."

"తిన్నగా ఉండేదాన్ని తిప్పితే తలకిందులవతాది కదరా?"

ఆమె అడిగింది న్యాయంగానే ఉంది. దానికి జవాబు అతనికి తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. "పనిలో ఉండానక్కా, తర్వాత చూస్తా" అని పెట్టేశాడు.

ఆ 'తర్వాత' అన్నది రాలేదు. అక్క మాత్రం మళ్ళీ మళ్ళీ చేసేది. అతను అన్నం తింటున్నప్పుడో, మేనేజరు ముందర ఉన్నప్పుడో మోగేది ఫోను. ప్రతిసారీ అదే నెమళ్ళ కథ. ఒక్కోసారి ఆమె గొంతు సవరించుకుని, "హేమూ, ఇంకొక మాటరా..." అని మొదలుపెట్టేది. "ఫోటో సంగతే కదా? తర్వాత, తర్వాత" అనేవాడు అతను.

ఇంతలో పెదనాన్న కొడుకు అరవింద్ ఒకరోజు చుట్టాల గ్రూపులో ఆ వెబ్‌సైట్ లింకు పెట్టి, 'మన కోకిలక్క పెట్టిన చీరలు, అందరూ చూడండి' అని రాశాడు. హేమనాథ్ చూశాడు. నిజంగానే చీరలన్నీ తలకిందులుగా ఉన్నాయి. అక్క అబద్ధం చెప్పలేదని అప్పుడైనా అనిపించాల్సింది. అతనికి నవ్వొచ్చింది. 'చూడాలంటే అందరూ శీర్షాసనం వెయ్యండప్పా, మా అక్క వీధిలో నెమళ్ళు తల మీద నడుస్తాయి' అని రాశాడు. నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. ఆఖర్న అక్క కూడా ఒక నవ్వే బొమ్మ పెట్టింది.

ఆ తర్వాత ఫోటోల గురించి ఆమె దగ్గరనుంచి ఫోను రాలేదు. ఎట్లాగో నేర్చుకుందిలే అనుకున్నాడు.

ఆడి కృత్తిక పండగ రద్దీ తగ్గినాక ఒక ఆదివారం తిరుత్తణి కొండమీది గుడికి ప్రయాణం పెట్టుకున్నారు. హేమనాథ్ భార్య రంజనికి మొక్కుంది. "కోకిల వదినను, అన్నయ్యను గూడా రమ్మను. చూసి ఏడాది దాటిపోయింది" అంది రంజని. కూతురు వైష్ణవితో కలిసి ముగ్గురూ రైలెక్కారు. కడంబత్తూరు దాటినా సీటు దొరకలేదు. తిరుత్తణి బస్టాండు దగ్గరికి అక్కా బావా ముందే వచ్చి నిలబడి ఉన్నారు. అక్క చిక్కింది. కుడిపక్క భుజం మీదుగా కొంగు నిండా కప్పుకుంది. హోటల్లో అందరూ ఇడ్లీ తింటుంటే, "నాకొద్దు, ఉపవాసం" అని కాఫీ కూడా ముట్టుకోలేదు. బావ ఆమె వంక ఒకసారి చూసి, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

దర్శనమయ్యి బయటికొచ్చినాక రంజని ఊరు కనపడే వైపు నిలబడి, "వదినా, మమ్మల్ని ఒక ఫోటో తియ్యి. అడ్డంగా పెట్టి తియ్యి, కింద ఊరంతా పడాల" అంటూ హేమనాథ్ ఫోను తీసి ఇచ్చింది.

కోకిల ఎడమ చేత్తో అందుకుంది. అడ్డంగా తిప్పింది. ఫోటో నొక్కే గుండ్రం కుడిపక్కకు వచ్చింది. ఒక్క క్షణం దాన్నే చూసింది. తర్వాత ఫోనును పూర్తిగా తిరగేసి, గుండ్రం ఎడమ బొటనవేలి కిందికొచ్చేట్టు పట్టుకుని, ఒక అంచు ఎదకు ఆనించి, నొక్కింది.

"ఏందక్కా అది, ఫోను తిరగేసి పట్టుకుంటే ఎట్ల? రెండు చేతులా పట్టుకో" అని నవ్వుతూ దగ్గరికి పోయాడు హేమనాథ్. ఆమె కుడిచెయ్యి పట్టి కొంగులోంచి ఇవతలకు లాగాడు. చెయ్యి బరువుగా వచ్చింది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. అతను వదలగానే అది తనంతట తాను కిందికి వాలిపోయింది.

అతని నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"ఏమైందక్కా?"

కోకిల కొంగు సర్దుకుంది. చెప్పింది సుదర్శనం. "పోయిన తై నెలలో, సంక్రాంతి అయినాక. మగ్గం మీదుండగానే పోగు నడిపే నాడె చేతిలోంచి జారి పడింది. తీసుకోవాలంటే చెయ్యి లేవలేదు. నోరు గూడా కొంచెం వంకరపోయింది. నోరు తర్వాత సరయింది. చెయ్యే రాలేదు."

"నాకొక మాట చెప్పలేదేం బావా?"

"నేనే వద్దన్నా" అంది కోకిల. "వీధిలో చుట్టాలకు గూడా నీకు చెప్పొద్దని చెప్పినా. అప్పుడు వైష్ణవికి పబ్లిక్ పరీక్షలు దగ్గరపడినాయి. అవి కానీలే అనుకుంటి. తర్వాత చెప్పాలనే ఫోను చేసేదాన్ని. ఎత్తంగానే ఎట్ల చెప్పేది? ఫోటో సంగతి ముందు అడిగి, అది అయినాక చెప్దామనుకుంటా. అదేమో అయ్యేదే కాదు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. అతనికి తలెత్తి ఆమె ముఖం చూడటం చేతకాలేదు. వైష్ణవి వచ్చి అత్త ముడుచుకున్న వేళ్ళను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. రంజని పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

తిరుగు రైల్లో హేమనాథ్ అక్క తీసిన ఫోటో చూశాడు. ఫోన్‌లో తిన్నగానే ఉంది. ఆ చీరల సైట్‌లో ఖాతా తెరిచి, పెట్టి చూశాడు. ముగ్గురూ తలకిందులుగా, నెత్తి కింద ఆకాశంతో కనిపించారు.

ఇంటికి పోయి వెతికి చదివితే అర్థమైంది. ఫోను తిరగేసి పట్టుకుంటే బొమ్మను తలకిందులుగానే దాచుకుంటుంది. 'దీన్ని తిప్పి చూపించాలి' అని పక్కన ఒక గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. గ్యాలరీ ఆ గుర్తును చూసి తిప్పి చూపిస్తుంది. వాట్సాప్‌లో పంపినా తిన్నగానే పోతుంది. ఆ సైటు గుర్తును పట్టించుకోదు. అక్క ఏ తప్పూ నొక్కలేదు. ఉన్న ఒక్క చేతికి అందేట్టు ఫోను పట్టుకుంది. ఎట్లా పట్టుకుంటున్నావక్కా అని ఒక్కసారి అడిగుంటే అక్కడే తెలిసిపోయేది. ఫోటో సంగతీ తెలిసేది, చేతి సంగతీ తెలిసేది.

మరుసటి శనివారం సెలవు పెట్టి ఆర్.కె.పేట పోయాడు. అక్క పక్కన చాపమీద కూర్చుని, ఆమె ఫోనులో చీర పాత ఫోటో ఒకటి తెరిచాడు.

"ఈడ ఎడిట్ అని ఉంది చూడు. అది నొక్కి, అంచు వెంట్రుకవాసి కత్తిరించి, సేవ్ చెయ్యి. ఫోను దాన్ని కొత్తగా, తిన్నగా రాసుకుంటాది. ఇప్పుడు పెట్టు."

కోకిల ఎడమ బొటనవేలితో మెల్లగా ఒక్కొక్కటే నొక్కింది. సైట్‌లో చీర తిన్నగా వచ్చింది. నెమళ్ళు నేలమీద నిలబడ్డాయి. ఆమె చాలాసేపు దాన్నే చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే అక్కా."

"ఇంతేనా!" అని మళ్ళీ అనుకుంది, ఈసారి తనలో తాను.

"మిగతావన్నీ గూడా ఇట్లే మార్చేద్దాం. ఈ రోజంతా ఈడే ఉంటా" అన్నాడు అతను.

ఆమె ఫోను చాపమీద బోర్లించింది. "వద్దులేరా. ఆ పని ఇప్పుడు ఎదురింటి అభినయ చేస్తా ఉంది. నేనే ఇచ్చేసినా."

"ఎందుకు?"

"మన గ్రూపులో ఉండే చుట్టాలు సగం మంది ఈ వీధిలోనే కదా ఉండేది. నువ్వు రాసింది చదివి అందరూ నవ్వినారు. నన్ను చూసి నవ్వితే పరవాయిల్ల. మన వీధి వనజాక్షి కండ్లు పోగొట్టుకుని ఆ నెమళ్ళు నేసింది. దాని చీరను చూసి నవ్వినారు. నా చేత్తో దానికి అగౌరవం అయిపోయింది."

"అక్కా, నేనేదో సరదాకి..."

"తెలుసులేరా. నీమీద కోపమేం లేదు" అంటూ ఎడమ చెయ్యి ఊని లేచి, అతనికి అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.

సాయంత్రం బావ బస్సు దాకా వచ్చాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు అన్నాడు: "మొదటి నెలల్లో దినమూ కసరత్తు చేయించుంటే చెయ్యి తిరిగొచ్చేదేమో అనినాడు డాక్టరు. తిరువళ్ళూరులో చేయిస్తారంట. ఈడనుంచి దినమూ ఎట్ల పోయేది? మీ ఇంట్లో పెట్టుకుని చేయించుండొచ్చని ఇప్పుడు అనిపిస్తాది. అప్పుడు తోచలేదు."

ఎవరినీ తప్పుపట్టే గొంతు కాదది. ఆ కసరత్తు చేయించే చోటు హేమనాథ్ ఇంటికి రెండు వీధుల అవతల ఉంది. ఆ బోర్డు ముందరనుంచే అతను రోజూ పనికి పోతాడు. బావకు ఆ మాట చెప్పలేకపోయాడు.

ఆ నెలలోనే రంజని వెళ్ళి, వదినను బలవంతాన తిరువళ్ళూరు తీసుకొచ్చింది. కసరత్తు నేర్పే అమ్మాయి చెయ్యి అంతా పట్టి చూసి, "కొంచెం ముందు తీసుకొచ్చుంటే బాగుండేదే" అంది. అయినా మొదలుపెట్టింది. దీపావళి వర్షాలు పడేనాటికి వేళ్ళు కాస్త విచ్చుకున్నాయి. ఖాళీ గ్లాసు పట్టుకోగలిగింది, నీళ్ళు పోస్తే మాత్రం జారిపోయేది. నాడె పట్టే చెయ్యి ఇక రాదని అందరికీ తెలిసిపోయింది. "మీ బావ ఒక్కడే వండుకోని తింటా ఉండాడు" అని కోకిల ఊరికి తిరిగిపోయింది.

ఇప్పుడు హేమనాథ్ రోజూ ఫోను చేస్తాడు. "ఏం లేదురా, బాగుండాను" అంటుంది. ఆ మాటను నమ్మే ధైర్యం అతనికి లేదు. అందుకని వీలైనప్పుడంతా బస్సెక్కి పోతాడు. పోయినప్పుడంతా ఆమె టీ ఎడమ చేత్తో తెచ్చి ఇస్తుంది. "ఎడమచెయ్యి, ఏమనుకోవద్దురా" అంటుంది. అతను లేచి నిలబడి రెండు చేతులా అందుకుంటాడు.