పది నుంచి పదహారు గంటల మధ్య

"దోమల కడుపులు కోసేదానికి తెల్లారకముందే పోవాల్నా? ఇంట్లో మనుషుల కడుపులు ఏం గావాల?"

ముందురోజు అత్త శకుంతలమ్మ అన్న మాట తెల్లవారుజామున నాలుగున్నరకు స్కూటీ తీస్తున్నప్పుడూ లోహిత చెవుల్లో గింగురుమంటూనే ఉంది. చంద్రగిరి దాటి తిరుపతి దారి పట్టినా మనసు వంటింట్లోనే తిరుగుతోంది. పిండి ఫ్రిజ్‌లో ఉందని చెప్పిందా? చట్నీకి చెనక్కాయలు వేయించిందా?

మలేరియా క్రిమి దోమ కడుపులో అరటికాయలా వంపు తిరుగుతున్నప్పుడు, దాని లోపల గింజల గుత్తిలాంటి చిన్న భాగం ఒకటి ఏర్పడుతుంది. అది కుదరకపోతే మనిషికి సోకే రూపమే తయారు కాదు. ఆ గుత్తి ఎలా కూడుకుంటుందన్నదే లోహిత నాలుగేళ్ల పరిశోధన. సాయంత్రం ఏడింటికి మలేరియా సోకిన ఎలుక రక్తం దోమలకు తాగిస్తుంది. పదహారో గంటకు, అంటే మర్నాడు పదకొండుకు ల్యాబ్‌కు వచ్చి చూస్తే గుత్తి అప్పటికే తయారై ఉండేది. అది తయారయ్యే వేళకు ఆమె దోసెలు పోస్తూ, క్యారియర్ కడుతూ, అత్త మాత్రలు తీసిస్తూ ఉండేది. మధ్య గంటల ఫోటోలు ఏవి అని మీటింగులో అడిగితే, మైక్రోస్కోపు ఖాళీ లేదని అబద్ధం చెప్పింది. నిజం చెప్పడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు తనకెందుకో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

గైడ్ ధనశేఖర్ మాత్రం పసిగట్టాడు. "సంసారం ఉండే ఆడోళ్లకు ఈ టైమింగులు కుదరవమ్మా. ఆ గంటలు మునికుమార్‌కు ఇచ్చేయ్. పేపర్లో వాని పేరు ముందుంటాది, నీది రెండోది" అన్నాడు, మేలు చేస్తున్నట్టు. మునికుమార్ ల్యాబ్‌లో చేరి ఆరు నెలలు.

ఈరోజు అయిదింటికే ల్యాబ్‌లో కూర్చుని చూస్తే పదో గంట దోమల్లో ఏమీ లేదు. పన్నెండో గంటలో అక్కడక్కడా మెరుపు నలుసులు. ఎనిమిదిన్నరకు భర్త హరినాథ్ ఫోన్ చేశాడు.

"టిఫిన్ యాడ పెట్టినావు?"

"చెయ్యలేదు. పిండి ఉండాది."

"అమ్మ మాత్రలేసుకోవాల గదా!"

లోహిత చెయ్యి బ్యాగు మీదికి పోయింది. ఇప్పుడు బయల్దేరితే ఇంటికి అరగంట. బ్యాగు వదిలేసింది.

"దోసె పోసీండి. పెనం మీకూ కాల్తాది" అంది.

అవతల నుంచి, ఎన్నడూ వినని చిన్న గొంతుతో, "నూనె ముందా, పిండి ముందా?" అని వినిపించింది.

తొమ్మిదికి పద్నాలుగో గంట దోమలు. మైక్రోస్కోపుకు కన్ను ఆనించి చూసింది. నలుసులు ఒకదాని పక్కకొకటి జరిగి, రెండు చోట్ల గుంపు కడుతున్నాయి. మరో క్రిమిలో చూసింది. ఇంకోదానిలో. అన్నిటా అంతే. ఏడుపొచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరూ గుర్తుకు రాలేదు.

పదిన్నరకు ధనశేఖర్ వచ్చి, తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు. "భలే పట్టినావే! మునికుమార్‌కు పంపు, రాసుకుంటాడు."

లోహిత ఫోటోలను తన ఫోల్డరులో సేవ్ చేసుకుంది. "పంపను సార్. రాసేది నేనే. నా పేరే ముందుండాల."

"ఇంట్లో ఒప్పుకుంటారా, రోజూ ఇట్లా?"

"అడగలేదు సార్" అని, పదహారో గంట దోమల్ని తెచ్చుకోవడానికి లేచింది.