నిప్పు దగ్గరి కుర్చీ

రొషెల్‌కు మొగుడి మీద ఉన్న ఫిర్యాదల్లా ఒక్కటే, అతనికి వంట రావడం. తాగుడో తిరుగుడో అయితే ఆదివారం చర్చి అయ్యాక నలుగురు ఆడవాళ్ళ దగ్గర చెప్పుకోవచ్చు, వాళ్ళూ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తారు. మొగుడు వండుతాడని ఏడిస్తే ఎవరు ఓదారుస్తారు? పైగా కుళ్ళుకుంటారు. "నీకేం తల్లీ, మా ఆయనకు మైక్రోవేవ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదు" అంటారు. పదహారేళ్ళుగా రొషెల్ ఈ అదృష్టాన్ని మోస్తూనే ఉంది. మోయడమంటే నిజంగా మోయడమే, ఐసు పెట్టెలతో సహా.

సెడ్రిక్ వండేది ఏడాది పొడుగునా కాదు. చలికాలం ముందు శనివారాల్లో, తామిద్దరూ చదివిన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు జాక్సన్‌లో ఆడే రోజుల్లో. ఆటకు ముందు స్టేడియం బయట గుడారాలు వేసుకుని, అక్కడే వండుకు తినడం ఆ ఊరి ఆనవాయితీ. తెల్లారకముందే స్టేడియం పక్క పార్కింగులో చోటు పట్టుకుని, వ్యాను వెనక తలుపు ఎత్తి, దాని ముందు బొగ్గుల పొగ పొయ్యి దింపుకుని, పక్కన కుర్చీ వేసుకుని, పొడుగాటి పటకారు చేత్తో పట్టుకుని కూర్చుంటాడు. మాంసం తనంతట తాను ఉడుకుతుంది. అతను గంటకోసారి మూత ఎత్తి చూసి తల ఆడిస్తాడు. ఆ తల ఆడించడంలో ఏదో విద్య ఉందని చుట్టుపక్కల గుడారాల్లోని మగవాళ్ళందరి నమ్మకం.

రొషెల్ చేసేదాన్ని వంట అనరు కాబట్టి దానికో పేరు లేదు. గురువారం మాంసం కొనాలి. శుక్రవారం కొవ్వు చెక్కి, ఆవ ముద్ద పూసి, మసాలా పట్టించి ఫ్రిజ్‌లో సర్దాలి. పదిహేను పౌండ్ల బంగాళాదుంపలు ఉడికించి సలాడ్ కలపాలి. కొలార్డ్ ఆకుకూరను ఇసుక పోయేదాకా నాలుగు నీళ్ళలో కడగాలి. పళ్ళేలు, చేతులు తుడుచుకునే కాగితాలు, చెత్త సంచులు, అత్తగారి వెన్నుకు దిండు, మూడేళ్ళ కిందట ఒక్కసారి మరిచిపోయి ఇప్పటికీ మాట పడుతున్న సీసా ఓపెనరు. సాయంత్రం జిడ్డు ఊచలు తోమాలి, బూడిద ఎత్తిపోయాలి. ఇంతా చేసి ఆమె పళ్ళెం అందిస్తే, అందుకున్నవాళ్ళు ఒక ముక్క నోట్లో వేసుకుని ఆమె తల మీదుగా చూసి "సెడ్రిక్, ఇరగదీశావురా" అనేవాళ్ళు. "మా నాన్న చెయ్యి" అని అతను వినయంగా నేల చూపులు చూసేవాడు. తండ్రి పోయి పదేళ్ళయినా ఆ చెయ్యి మాత్రం ఊళ్ళోనే తిరుగుతూ ఉండేది.

ఆ ఏడు ఆగస్టులో మామగారి నాటి ఇనప డ్రమ్ము పొయ్యి అడుగు తుప్పుపట్టి ఊడిపోయింది. కొత్తది కొనాలి. సెడ్రిక్ ఆరు వారాలు వీడియోలు చూశాడు. ఇంటి బీమా కాగితాలను కూడా అంత శ్రద్ధగా చదవలేదు. చివరికి అతని మనసు పక్కన నిప్పుగది వేలాడే పొయ్యి మీద పడింది. చూడ్డానికి రైలింజనులా ఉంటుంది, నాలుగు వందల పౌండ్ల బరువు. "జీవితాంతం ఉంటుంది బేబీ" అన్నాడు. ఎవరి జీవితాంతమో చెప్పలేదు.

దుకాణంలో సేల్స్ కుర్రాడు ఇనప రేకు మందం గురించి, గాలి లాగడం గురించి సెడ్రిక్‌కు అరగంట పాఠం చెప్పాడు. మధ్యలో రొషెల్, బూడిద ఎటు నుంచి తియ్యాలని అడిగింది. అతను సెడ్రిక్ వైపు తిరిగి, "ఇక్కడో చిన్న తలుపుంది సార్" అని జవాబిచ్చాడు. తలుపు మోకాలి కిందికి ఉంది. లోపలి మూలలు తోమాలంటే తల దూర్చాల్సిందే. అన్నీ అయ్యాక అతను మొదటిసారి ఆమె ముఖం చూసి, కవరు ఏ రంగుది చూపించమంటారు మేడమ్ అన్నాడు. కెమిస్ట్రీలో పట్టా పుచ్చుకున్న రొషెల్ కాస్త ఆలోచించి, బూడిద రంగు అంది.

అప్పుడే మూలన నిలబెట్టి ఉన్న ఇంకొకటి ఆమె కంట పడింది. నడుమెత్తు, గుడ్డు ఆకారం, మూడు ముక్కలుగా విడిపోతుంది. కింద బొగ్గులు, మధ్యలో నీళ్ళ పళ్ళెం, పైన మాంసం. పై ముక్క ఎత్తి చూసింది. ఒక్క చేత్తో లేచింది. అలా ఎత్తి పట్టుకుని నిలబడ్డప్పుడు తనకేం కావాలో హఠాత్తుగా తెలిసింది. గొప్ప కోరికేం కాదు. ఒక రోజంతా ఒకే పని చెయ్యాలి. కూర్చుని చెయ్యాలి. ఎవరైనా గిన్నె ఏదని అడిగితే, నాకు తెలీదు, నేను వంట చేస్తున్నాను అనాలి.

సెడ్రిక్ ఇంకో రెండు వీడియోలు చూసి కొంటానన్నాడు కాబట్టి ఆ రోజుకు ఉత్త చేతులతో వచ్చారు. ఆదివారం భోజనానికి అత్తగారు మిస్ ఒడెస్సా ఇంటికి వెళ్ళినప్పుడు, వేయించిన కోడి పళ్ళెం చేతులు మారుతుండగా, రొషెల్ ఉప్పు అడిగినంత మామూలుగా అడిగేసింది. పాత విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్ ఆట నాడు పొయ్యి దగ్గర తను కూర్చుంటుందట, మిగతాది సెడ్రిక్ చూసుకోవాలట. కూర్చునేది తను కాబట్టి పొయ్యి ఎంచుకునేదీ తనేనట.

మిస్ ఒడెస్సా నవ్వింది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నిప్పు ఆడవాళ్ళ మాట వినదే పిల్లా. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే మా అత్త నాకు చెప్పింది. మనకి గరిటెలున్నాయి, చాలు."

తల్లి నవ్వితే సెడ్రిక్‌కు ధైర్యం. "మిగతాది ఏముందిలే, కూరగాయలు తరగడమేగా. సరే, కూర్చో" అన్నాడు. "మాంసం చెడితే మాత్రం నేను చూసిన పెద్దదే కొంటాం. ఇక ఎప్పుడూ ఈ మాట ఎత్తకూడదు."

రొషెల్ ఒప్పుకుంది. సోమవారం వెళ్ళి గుడ్డు పొయ్యి తెచ్చుకుంది, ఒక్కతే. మొగుడు ఆఫీసులో ఉండగా పెరట్లో రెండుసార్లు కోళ్ళు కాల్చి చూసింది. నిప్పు మగవాళ్ళ మాటా వినదని, గాలి మాట వింటుందని తెలుసుకుంది. అడుగున చిల్లులు రవ్వంత మూస్తే తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది. ఇంతేనా అనిపించింది. ఇంతే అయినందుకు కొంచెం కోపం కూడా వచ్చింది. "మిగతాది" కాగితానికి రెండు వైపులా రాసి ఫ్రిజ్ మీద అంటించింది. సెడ్రిక్ చదివి, ఇది మొత్తం ఎన్ని ఆటలకు అని అడిగాడు. ఒక్క ఆటకే అని చెప్పింది.

హోమ్‌కమింగ్ నాడు ఆరున్నరకల్లా అయిదేసి పౌండ్ల పంది భుజాలు రెండు ఊచల మీదికెక్కాయి. రొషెల్ కుర్చీలో కూర్చుంది. సెడ్రిక్ వ్యానులో సగం దూరి ఉప్పు కోసం వెతుకుతున్నాడు. ఉప్పెక్కడుందని అడిగాడు. తనకు తెలీదంది, వంట చేస్తున్నానంది. ఆ మాట నోట్లో బెల్లం ముక్కలా కరిగింది.

పది గంటలకు మాంసంలో గుచ్చిన థర్మామీటరు ముల్లు నూట అరవై డిగ్రీల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పదకొండుకూ అక్కడే ఉంది. ఆట రెండింటికి. కబురు గుడారాల వెంట పాకి, మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పొయ్యి చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాలేజీ బ్యాండులో సెడ్రిక్ పక్కన ట్రాంబోన్ వాయించిన తాడియస్, బొగ్గు చాల్లేదని, ఇంకో గిన్నెడు కుమ్మరించమని తీర్పు చెప్పాడు. నేను ముందే చెప్పానుగా అని మిస్ ఒడెస్సా దిండుకు ఆనుకునే అంది. మయొనేజ్ చేతులతో సెడ్రిక్ పరుగెత్తుకొచ్చి మూత పట్టుకున్నాడు.

"మూత మీద చెయ్యి తియ్యి, సెడ్రిక్."

"బేబీ, పరువు పోతుంది. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. మాంసానికి చెమట పడుతోంది. చెమట ఆరేదాకా వేడి ఎక్కదు. నీ సలాడ్‌లో ఉప్పు పడిందా?"

పడలేదు. అతను వెళ్ళిపోయాడు.

రొషెల్‌కూ భయంగానే ఉంది. చెడితే ఆ రైలింజను వస్తుంది, దాని కడుపులో ఇరవై ఏళ్ళు తల దూర్చి తోముతూ గడపాలి, నోరెత్తే హక్కు కూడా ఉండదు. అడుగు చిల్లుల వైపు చెయ్యి రెండుసార్లు పోయింది, రెండుసార్లూ వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ప్రతి ఏడూ ఇదే గంటకు ఏం జరిగేదో ఆమెకు గుర్తుంది. ముల్లు ఆగేది, సెడ్రిక్ కంగారుపడి బొగ్గు కుమ్మరించేవాడు, పైపొర మాడి చేదెక్కేది. ఆమె వ్యాను లోపలికి తీసుకెళ్ళి, ఎవరూ చూడకుండా, ఆ నల్లటిదంతా కత్తితో చెక్కి పారేసి, మంచి భాగం మటుకు పళ్ళేల్లో సర్ది తెచ్చేది. తండ్రి చెయ్యి అని లోకం మెచ్చుకున్నది ఆ మిగిలిన భాగాన్నే. ఎవరూ దాచమనలేదు. భార్య చేసే పనుల్లో అదొకటని తనే అనుకుంది. చెక్కిన మాడును ప్రతిసారీ చెత్త సంచి అడుక్కి తోసి, పైన కాగితాలు కప్పేది.

పన్నెండు దాటాక ముల్లు కదిలింది. ముందు ఒక గీత, తర్వాత మూడు. ఒంటిగంటకు రెండు వందలు. రొషెల్ మూత తీసి ఎముక కొస పట్టుకుని లాగితే, మాంసాన్ని అంటిపెట్టుకోకుండా శుభ్రంగా వచ్చేసింది. ఈసారి కత్తి అవసరం రాలేదు.

బ్యాండు దూరంగా వాయిస్తూ స్టేడియం వైపు నడుస్తోంది. ఇక్కడ మాత్రం ఎవరి నోళ్ళూ ఖాళీగా లేవు. ముందుగా తాడియస్ తేరుకుని, అలవాటుగా రొషెల్ తల మీదుగా చూసి, "ఇరగదీశావురా సెడ్రిక్. అచ్చం మీ నాన్న చెయ్యే" అన్నాడు.

చెత్త సంచి పట్టుకుని నిలబడ్డ సెడ్రిక్ పొద్దున అయిదు నుంచి ఒక్కసారి కూడా కూర్చోలేదు. "అది నేను కాదురా. నేను ఆకుకూర కడిగాను" అన్నాడు. ఆకుకూరలో ఇసుక ఇంకా తగులుతూనే ఉంది. తాడియస్ అదేదో హాస్యమనుకుని పడీపడీ నవ్వాడు.

మిస్ ఒడెస్సా ఫోర్కు కింద పెట్టి, నవ్వొద్దని అతనికి చెప్పింది. కొడుకును పిలిచి తన కుర్చీ తెచ్చి పొయ్యి దగ్గర వెయ్యమంది. కర్ర ఊతంతో వచ్చి, కోడలి పక్కన కూర్చుని, వెచ్చదనానికి రెండు అరచేతులూ చాపింది.

"నలభై ఏళ్ళు మా ఆయన పక్కన నిలబడ్డాను, పళ్ళేలు పట్టుకుని" అంది, నిప్పువైపే చూస్తూ. "ఒక్క పూట ఇక్కడ కూర్చోవాలని నాకూ ఉండేది. నేను అడగలేదు. నువ్వు అడిగితే నవ్వాను." కోడలి వైపు తిరిగింది. అందరికీ వినపడేలా అంది.

"నాదే తప్పు, రొషెల్."