అంచు మీది దెబ్బ

తాళాలు, కుట్టుమిషన్లు, తూకం యంత్రాలు బాగుచేసే ఆ దుకాణంలో ఒక గాజు బీరువా ఉంది. అందులో ఆకుపచ్చ బట్ట పరచిన పీఠం మీద ఒక పాయింట్ టూ టూ రైఫిల్ కొలువుదీరి ఉంటుంది. రైఫిల్ దుకాణదారు భార్యది, దాని కీర్తిప్రతిష్ఠల బాధ్యత భర్తది. తుపాకుల మరమ్మతుకు కూడా లైసెన్సున్న ఆ దుకాణదారుకు షూటింగు క్లబ్బులో ఎవరో వేళాకోళానికి 'ఆయుధబ్రహ్మ' అని పేరు పెట్టారు. అది వేళాకోళమని అందరికీ తెలుసు, ఒక్క అతనికి తప్ప. అతడు ఆ బిరుదును సవినయంగా స్వీకరించి, నాటినుంచి తదనుగుణంగా నడవడం మొదలుపెట్టాడు.

ఆ రైఫిల్ వాడే చిన్న తూటాకు ఒక స్వభావముంది. పెద్ద తూటాలకు నిప్పు పుట్టించే మందు అడుగున నడిమధ్య చిన్న గిన్నెలో భద్రంగా ఉంటుంది. ఈ చిన్నదానికి ఆ వైభోగం లేదు. అడుగున చుట్టూ తిరిగిన సన్నని అంచు మడతలోనే మందంతా పూస్తారు. రైఫిల్‌లోని ఫైరింగ్ పిన్ వచ్చి ఆ అంచును తూటా కూర్చునే గది, అంటే చాంబర్, గట్టుకేసి నలిపితే తూటా పేలుతుంది. అంచులో అక్కడ మందు పట్టకపోయినా, దెబ్బ చాలకపోయినా, టిక్కుమని ఊరుకుంటుంది. అంచున పేలుతుంది కనుక దాన్ని రిమ్‌ఫైర్ అంటారు, ఇలా ఊరుకుంటుంది కనుక దాన్ని పూర్తిగా నమ్మినవాడు లేడు.

ఆయుధబ్రహ్మ నమ్మాడు. కిందటేడు ఒక పోటీలో భార్య చేతిలో రైఫిల్ ఒక్కసారి టిక్కుమంది. అతనికి నలుగురిలో తల కొట్టేసినట్టయింది. వెంటనే పాత పిన్నుకు ఉద్వాసన చెప్పి, మేలిరకం ఉక్కుతో వెంట్రుకవాసి పొడుగైన కొత్త పిన్ను చేసి బిగించాడు. "ఇక ఇది జన్మలో మాట తప్పదు" అని ప్రకటించాడు. ఆనాటినుంచి దుకాణానికి ఎవరొచ్చినా రైఫిల్ బయటికి తీసి, చాంబర్ ఖాళీ అని చూపించి, గొట్టం గోడవైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కేవాడు. "వినండి. గాజుముక్క విరిగినట్టు లేదూ?" తాళంచెవి కోసం వచ్చినామె వింది. తూకం సరిచేయించుకోవడానికి వచ్చినాయన రెండుసార్లు విన్నాడు. ఎదుటి గోడ మీద మాత్రం అతని సొంత దస్తూరీతో ఒక నోటీసు వేలాడుతుండేది: 'ఖాళీ రిమ్‌ఫైర్ రైఫిల్ ట్రిగ్గర్ నొక్కరాదు.'

క్లబ్బు జట్టులో ఆడవాళ్ళకు ఒకే ఒక్క స్థానం మిగిలింది. దానికోసం పోటీ ఆ మధ్యాహ్నం. ఎన్నేళ్ళుగానో ఆ స్థానం అంచుదాకా వచ్చి ఆగిపోతున్న భార్య, పొద్దున్నే సాధనకు వెళ్ళి బోర్లా పడుకుని గురిచూసి నొక్కింది.

టిక్.

నియమం ప్రకారం గొట్టం లక్ష్యం వైపే ఉంచి కాసేపు ఆగింది. తర్వాత తూటా తీసి, కొంచెం పక్కకు తిప్పి మళ్ళీ పెట్టింది. పేలింది. ఆ తర్వాతి తూటాకూ అదే తంతు.

షూటింగు రేంజి అధికారి దగ్గరికొచ్చాడు. "అమ్మా, పోటీలో ఒకసారి మొరాయిస్తే ఊరుకుంటాం. రెండోసారికి తుపాకీ పక్కన పెట్టాల్సిందే. ముందే చెబుతున్నా."

"తుపాకీలో దోషం లేదండీ" అన్నాడు చూసేవాళ్ళకు అడ్డంగా కట్టిన తాడు అవతలినుంచి ఆయుధబ్రహ్మ. "తూటాలది. మందు పూసినవాడెవడో పెళ్ళికి వెళ్ళే తొందరలో ఉన్నాడు. సగం అంచుకే పూశాడు. తిప్పి పెడితే పేలిందంటే అర్థమేమిటి మరి?"

ఈ శాస్త్రం వినడానికి చాలా బాగుంది. పక్క వరసలో క్లబ్బువారి పాత రైఫిల్‌తో కాలుస్తున్న అతని వదినగారికి కూడా బాగానే ఉంది. ఆ రైఫిల్‌కు మరిది పెట్టిన పేరు 'పొయ్యి ఊదే గొట్టం'. ఆమె చెయ్యి చాచి, తోడికోడలి పెట్టెలోంచే గుప్పెడు తూటాలు తీసుకుని వరసగా కాల్చింది. ఒక్కటీ ఎదురు చెప్పలేదు.

"ఏం మరిదీ, మీ పెళ్ళివారి సరుకు నా ఊదుగొట్టంలో బ్రహ్మాండంగా పేలుతోందే."

"అదృష్టం వదినా."

"అయ్యుంటుంది. మా ఇంట అదృష్టం ఎప్పుడూ గుప్పెళ్ళతోనే." ఆమె తోడికోడలి వైపు తిరిగింది. "చెల్లీ, నాది పెద్దవాళ్ళ విభాగం, ముందే అయిపోతుంది. కావాలంటే మధ్యాహ్నం ఇది తీసుకో."

ఆయుధబ్రహ్మ గుండెల్లో రాయి పడింది. తన ఇల్లాలు, తను చెక్కిన రైఫిల్ పక్కన పెట్టి, ఊదుగొట్టంతో!

భార్య కింద పడిన, పేలిన తూటాల ఖాళీ తొడుగులు రెండు ఏరింది. అక్కది ఒకటి, తనది ఒకటి. రెండూ భర్త అరచేతిలో పెట్టింది. అక్క తొడుగు అంచు మీద పిన్ను ముద్ర గోరు గుచ్చినట్టు లోతుగా ఉంది. తనదాని మీద వేలితో అదిమినట్టు, ఏదో మొహమాటానికి పడ్డట్టుంది.

అతడు భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. రెండింటినీ మార్చి మార్చి చూశాడు. అతని మౌనం ఎరగని క్లబ్బు సభ్యులు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

భార్యతో దుకాణానికి తిరిగొచ్చి, పిన్ను ఇమిడి ఉండే బోల్టు విప్పాడు. పిన్ను కొస మొద్దుబారింది. చాంబర్ గట్టు మీద, సరిగ్గా పిన్ను దిగేచోట, చిన్న సొట్ట. దన్ను లేని ఆ సొట్టలోకి తూటా అంచు దిగబడుతుంటే, దెబ్బ దెబ్బలా తగలడం లేదు.

"తూటా ఉంటే పిన్ను దాన్నే కదండీ కొట్టేది. గట్టు దాకా ఎలా వెళ్ళింది?" అంది భార్య.

"ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళుంటుంది."

"ఖాళీగా ఎవరు నొక్కారు?"

ఆయుధబ్రహ్మ మొద్దుబారిన పిన్ను చేతిలోకి తీసుకున్నాడు. "పాతది పొట్టి పిన్ను. ఎన్నిసార్లు నొక్కినా గట్టును అందుకునేది కాదు. కొత్తది కాస్త పొడుగు చేశాను కదా..."

"మాట తప్పకూడదని."

"ఆఁ."

ఆమె గోడ మీది నోటీసు చూసింది. "ఇది మీకు వర్తించదా?"

"అది వచ్చేపోయేవాళ్ళ కోసం..." అని, ఆ వాక్యం ముందుకు వెళ్ళకపోవడమే క్షేమమని గ్రహించి ఆపేశాడు. "కొత్తదాన్నే అరగదీసి పొట్టి చేస్తాను."

"పాతది వెయ్యండి."

"అదొకసారి మాట తప్పింది."

"ఇన్నేళ్ళకి ఒక్కసారి. అదైనా తూటా తప్పేమో. మీ కొత్తది పొద్దున్నుంచీ నా పరువు తీస్తోంది. ఏవండీ, నాకు జట్టులో చోటు కావాలి. మీకేం కావాలో చూసుకోండి."

అతడు సొరుగు తెరిచి, దూదిలో చుట్టిన పాత పిన్ను తీశాడు. బహిష్కృతుణ్ణి మళ్ళీ మంత్రిపదవికి పిలిచే రాజు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది అతని ముఖం. చేతులు మాత్రం సిగ్గుపడలేదు. గట్టి ఉక్కు కడ్డీని చాంబర్‌లో దింపి, నలిగి పక్కకు జరిగిన లోహాన్ని ఓపికగా యథాస్థానానికి నెట్టాడు. గరుకును నునుపు చేశాడు. గొట్టం లోపలికి వెలుగు పట్టి చూశాడు. పనిలో దిగితే అతనికి నిజంగానే ఆ బిరుదు తగును. ఆ సంగతి భార్యకు మొదటినుంచీ తెలుసు కనుకనే అక్క రైఫిల్ అడగలేదు.

పోటీ మొదలైంది. ఆమె నొక్కినప్పుడల్లా తాడు అవతల అతడు కళ్ళు మూసుకున్నాడు. ప్రతిసారీ చప్పుడు వినే తెరిచాడు. చివరి వరసలో, ఇక గండం గడిచిందనుకుంటుండగా, టిక్కుమంది.

వదినగారు మరిది వైపు చూసింది. మరిది నేల వైపు చూశాడు.

భార్య తొణకలేదు. కాసేపాగి, తూటా తీసి, అంచు పరీక్షగా చూసింది. దాన్ని అధికారికి అందించి, మరొకటి పెట్టి, నడిమధ్యకు కొట్టింది. మిగిలినవీ దాని చుట్టూనే చేరాయి. జట్టులో చోటు ఆమెదని అధికారి ప్రకటించాడు.

ఆయుధబ్రహ్మ మాత్రం ముందుగా అధికారి దగ్గరికి పరుగెత్తాడు. పేలని తూటా మీద పిన్ను ముద్ర లోతుగా, స్పష్టంగా ఉంది. "చూశారా ఆ దెబ్బ! ఇంతకంటే తుపాకీ ఏం చెయ్యాలి? నే చెప్పలేదూ, మందు పూసినవాడు పెళ్ళికి వెళ్ళాడని!" వదినగారికీ చూపించాడు. అడగనివారికీ చూపించాడు. ఏనుగెక్కినంత సంబరపడ్డాడు.

"ఈ ఒక్క తూటాకు పూసినవాడు వెళ్ళాడులే మరిదీ, ఒప్పుకున్నాం" అంది వదినగారు.

మర్నాడు తూకం యంత్రం పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. ఆయుధబ్రహ్మ చెయ్యి దానంతటదే బీరువా వైపు వెళ్ళింది. చాంబర్ తెరిస్తే, లోపల పచ్చటి ప్లాస్టిక్ ముక్క కనిపించింది. గోడకు రంధ్రం చేసి మర బిగించేటప్పుడు వాడే ప్లగ్గు, తన సొరుగులోదే. పిన్ను వచ్చి దాన్నే కొట్టి ఆగేలా భార్య అమర్చిపెట్టింది. లోపలిగదిలోంచి ఆమె దగ్గు వినిపించింది.

అతడు బోల్టు మూసి, గోడవైపు తిప్పి, గంభీరంగా నొక్కాడు.

"ఈసారి ఏం వినపడలేదండీ" అన్నాడు పెద్దమనిషి.

"అదే మరి దాని గొప్ప" అన్నాడు ఆయుధబ్రహ్మ.