టీకి వెళ్లని నీడ

పొద్దున్నే ఇన్ని ఉడికిన ఫూల్ చిక్కుడు గింజలు తిని, చెప్పులు విప్పి, అతియ్యా రాగి డేగిసాలోకి దిగుతాడు. అడుగున ఇసుక, దాని మీద తడి గోనెపట్టా, ఆ పైన అతని పాదాలు. గోడకు కొట్టిన కర్ర పట్టుకుని నడుము అటూ ఇటూ తిప్పుతుంటే చిలుమంతా రాలిపోయి రాగి ఎర్రగా తేలుతుంది. పన్నెండో ఏట దిగాడు, ఇప్పుడు ఇరవైమూడు. ఈజిప్టులోని దమన్హూర్ రాగిసామాను వీధిలో అతనంత బాగా తోమేవాడు లేడని అందరూ అంటారు. తోమడం తప్ప ఇంకేమీ రాదని కూడా వాళ్లే అంటారు.

తప్పు అతనిది కాదు. తోమిన పాత్ర కళాయికి పొయ్యెక్కి నవాసారం పొగ లేచే వేళకు, పని నేర్పాల్సిన గురువు, కొట్టు యజమాని ఉస్తా షెహాతా తలెత్తకుండానే అనేవాడు: "ఒరేయ్, పోయి టీ పట్టుకురా."

వీధిలో ఏ ఉస్తా అయినా అంతే. కళాయి పూసేటప్పుడు శిష్యుడు కొట్లో ఉండకూడదు. అందుకే ఉమ్ హిలాల్ టీబండి దగ్గర ఎప్పుడు చూసినా ముగ్గురు నలుగురు శిష్యులు ఎండలో నీడల్లేకుండా నిలబడి ఉండేవాళ్లు. నీడలు టీకి రావు, కొట్లోనే గోడకి ఆనుకుని ఉండిపోతాయి.

"నీకన్నా నీ నీడ నయంరా," అనేది ఉమ్ హిలాల్. "చల్లగా లోపల కూచుంది. నువ్విక్కడ మాడుతున్నావు."

"దానికి టీ అలవాటు లేదు పిన్నీ."

ఆమె టీతో పాటు ఫూల్ కూడా అమ్మేది. ఆ ఫూల్ ఉడికించే డేగిసాకి కళాయి పూసేది షెహాతాయే. ఆమె కొడుకు హిలాల్‌కి పద్నాలుగేళ్లు. రెండేళ్లుగా వాడి మణికట్లు వాలిపోయాయి. దిష్టి తగిలిందని ఆమె నీలిపూస కట్టింది. వాడు గ్లాసుని రెండు మోచేతుల మధ్య ఇరికించుకుని, నవ్వుతూ తెచ్చిచ్చేవాడు.

ఆ ఏడు శిక్షణ కార్యాలయం వాళ్లు పరీక్ష పెట్టారు. తమ కళ్లముందు ఒక పాత్రకి మొదటినుంచి చివరిదాకా కళాయి పూసినవాడికి కాగితం ఇస్తారు, ఆ కాగితం ఉంటే సొంతంగా పని పెట్టుకోవచ్చు. అతియ్యా మోకాళ్లు అప్పటికే రాత్రుళ్లు నిద్రపోనివ్వడం లేదు. ఇంకో రెండేళ్లకి తోమడమూ చేతకాదు.

"ఒక్కసారి చూడనీ ఉస్తా," అని బతిమాలాడు.

"నువ్వు కళాయి పూస్తే నాకు తోమేదెవడ్రా? మా ఉస్తా నన్ను పద్నాలుగేళ్లు టీకి తిప్పాడు. నేను చచ్చానా?" అన్నాడు షెహాతా, నడుముకున్న తోలు సంచీ సర్దుకుంటూ. అందులో జాలర్లు వలలకు బరువుగా కట్టే పాత గుళ్లుండేవి. ఉస్తా ఎన్నడూ చేపలు పట్టింది లేదు. అతియ్యా ఎన్నడూ అడిగిందీ లేదు.

పరీక్ష బడి ఆవరణలో జరిగింది. అతియ్యా పాత్ర తోమాడు, పొయ్యి ముట్టించాడు, అక్కడ చేతులు ఆగిపోయాయి. పరీక్ష పెడుతున్న ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. అప్పుడు నేలమీద అతని నీడ చెయ్యి ముందుగా కదిలింది. అతని చెయ్యి దాని వెనకే వెళ్లింది. నవాసారం చల్లింది, చల్లాడు. తగరం తాకించింది, తాకించాడు. దూదితో తుడుస్తుంటే వెండిలాంటి తెలుపు పాత్రంతా పరుచుకుంది. పదకొండేళ్లుగా తనకోసం ఇది నిలబడి నేర్చుకుందని అతియ్యాకి అప్పుడు తెలిసింది.

తర్వాత నీడ నడుం దగ్గర లేని సంచీలో చెయ్యి పెట్టింది. ఏదో తీసి పాత్రలో వేసింది. వేస్తూ వెనక్కి తిరిగి, టీ పట్టుకుని ఎవరైనా వస్తున్నారా అన్నట్టు చూసింది.

అతియ్యా చెయ్యి గాల్లోనే ఆగింది. ఎదురుగా గోడమీద శిక్షణ కార్యాలయం వాళ్లు అతికించిన హెచ్చరిక బొమ్మ ఉంది: సీసం కలిపిన కళాయి, అందులోని తిండి, మణికట్లు వాలిన మనిషి. వలగుళ్లు సీసానివి. సీసం కలిపి తగరం మిగుల్చుకునేది కంటపడకూడదనే ఉస్తా తనని పదకొండేళ్లు టీకి పంపాడు.

"ఇంకేమైనా వెయ్యాలా?" అన్నాడు ఇంజనీరు.

"లేదయ్యా. అయిపోయింది."

కాగితం జేబులో పెట్టుకుని అతియ్యా తిన్నగా బండి దగ్గరికి వెళ్లి, ఉడుకుతున్న డేగిసాని వీధిలో బోర్లించేశాడు.

"పిచ్చిపట్టిందట్రా నీకు?" అని గరిటె ఎత్తిన ఉమ్ హిలాల్, అతను చెప్పిందంతా విని గరిటె దించేసింది. చాలాసేపు కొడుకు చేతుల్నే చూసింది.

"రోజూ మొదటి గరిటె వాడికే పెట్టేదాన్ని," అంది.

అతియ్యా అక్కడే, వీధి మధ్యలో పాత కళాయి గీకేసి, ఇసుకతో తోమి, పొయ్యి పెట్టాడు. షెహాతా తన కొట్టు గుమ్మంలోకి వచ్చి చూసి, లోపలికి వెళ్లిపోయాడు. నవాసారం పొగ లేచింది. ఆ పొగ చూడగానే హిలాల్ అలవాటుగా లేచాడు.

"టీ తెమ్మంటావా అన్నా?"

"వద్దు. ఇక్కడ కూచో. చూడు."

వాడు పొయ్యి పక్కన కూర్చున్నాడు. వాడి చేతులు ఒళ్లో వాలే ఉన్నాయి, ఆ తర్వాత ఎన్నేళ్లకీ లేవలేదు. నేలమీద వాడి నీడ మాత్రం చెయ్యి చాచి దూది అందుకుంది.